మీటర్ చూసి కాదు, రబ్బరు చూసి కొనండి: పాత పోర్షే 944 గురించి

పాత పోర్షే 944 అమ్మేవాళ్ళు ప్రకటన మొదటి లైన్లోనే ఊదరగొట్టేది మైళ్ళ సంఖ్య. "1987 మోడల్, 42 వేల మైళ్ళే తిరిగింది, ఏళ్ళ తరబడి గరాజ్‌లోనే ఉంది" అని. కొనేవాళ్ళూ దానికే పడిపోతున్నారు. అదే మోడల్ లక్షన్నర మైళ్ళు తిరిగి, ప్రతి రిపేరుకీ రసీదు ఉన్న కారు పక్కనే ఉంటే దాన్ని కన్నెత్తి చూడరు. ఈ పద్ధతి చూస్తుంటే ఒళ్ళు మండుతుంది. అమెరికాలో స్థిరపడి, గరాజ్‌లో రెండో కారుకి చోటు దొరికి, చిన్నప్పటి పోస్టర్ మీది స్పోర్ట్స్ కారు కొనుక్కుందామని చూసే తెలుగువాళ్ళు కొందరైనా ఈ పోస్ట్ చదివి ఆగుతారని రాస్తున్నాను.

944 మంచి కారు. గొప్ప కారు అనడానికి కూడా నాకు మొహమాటం లేదు. 1982 నుంచి 1991 దాకా లక్షా అరవై వేలకు పైగా తయారయ్యాయి. ఎక్కువ భాగం జర్మనీలో నెకార్సుల్మ్ ఊళ్ళో ఆడీ వాళ్ళ ఫ్యాక్టరీలో తయారైనవే. ఇంజన్ ముందు, గేర్‌బాక్స్ వెనక, రెండింటినీ కలుపుతూ మధ్యలో టార్క్ ట్యూబ్. అందుకే బరువు ముందుకీ వెనక్కీ దాదాపు సమానంగా పడుతుంది, మలుపులో కారు అంత నమ్మకంగా తిరుగుతుంది. బాడీ షెల్ గాల్వనైజ్డ్ ఉక్కు కాబట్టి అదే కాలపు వేరే కార్లంత తేలిగ్గా తుప్పు పట్టదు. ఇంజన్ బ్లాక్, హెడ్ అల్యూమినియం. నూనె సరిగ్గా మారుస్తూ ఉంటే రెండు లక్షల మైళ్ళు కూడా పోతుంది.

అంటే ఈ కారులో లోహం పాడవదు. పాడయ్యేది రబ్బరు. రబ్బరుకి మైళ్ళతో పనిలేదు, ఏళ్ళతోనే పని. కదలకుండా కూర్చున్న కారులో అది ఇంకా తొందరగా ఎండి పగులుతుంది. పైగా ఆ మీటర్ కూడా నమ్మదగింది కాదు. ఓడోమీటర్ లోపల చిన్న ప్లాస్టిక్ పళ్ళ చక్రం ఒకటి ఉంటుంది. కారు కదులుతుండగా ట్రిప్ మీటర్ సున్నా చేస్తే చాలు, పాతబడిన ఆ చక్రం పొడైపోతుంది. స్పీడు ముల్లు మామూలుగానే పనిచేస్తుంది, మైళ్ళు మాత్రం అక్కడే ఆగిపోతాయి. కాబట్టి 42 వేలు అని కనిపిస్తే ముందు అడగాల్సింది "మైళ్ళు ఇప్పటికీ పెరుగుతున్నాయా?" అని. ఓ నాలుగు మైళ్ళు నడిపి కళ్ళారా చూడాలి.

బెల్టుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే 944లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. ఇంజన్ ముందు భాగంలో రెండు పళ్ళ బెల్టులుంటాయి. ఒకటి వాల్వులు తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పే టైమింగ్ బెల్ట్. రెండోది బ్యాలెన్స్ షాఫ్ట్‌ల బెల్ట్. 2.5 లీటర్లంటే నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి పెద్ద సైజే, ఊరికే వదిలేస్తే వణికిపోతుంది. ఆ వణుకు చంపడానికి మిత్సుబిషి పేటెంట్‌ని లైసెన్స్‌కి తీసుకుని, క్రాంక్‌కి (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్‌కి) రెట్టింపు వేగంతో తిరిగే రెండు షాఫ్ట్‌లు పెట్టారు. అవి ఒకదానికొకటి ఎదురు దిశలో తిరగాలి కాబట్టి ఆ బెల్టుకి రెండు వైపులా పళ్ళుంటాయి. టైమింగ్ బెల్ట్ తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వులకి కొట్టుకుంటాయి. వాల్వులు వంగుతాయి, హెడ్ విప్పాల్సిందే. బ్యాలెన్స్ బెల్ట్ తెగితే దానంతట అది ఏమీ చెయ్యదు గానీ, దాని ముక్క టైమింగ్ బెల్ట్‌లో ఇరుక్కుంటే ఫలితం అదే.

బెల్టులు మార్చడానికి ఈ కార్లు బాగా తెలిసినవాళ్ళు పాటించే లెక్క 30 వేల మైళ్ళు లేదా నాలుగేళ్ళు, ఏది ముందొస్తే అది. ఇప్పుడు ఆ 42 వేల మైళ్ళ కారు తీసుకోండి. గత పదేళ్ళలో రెండు వేల మైళ్ళు తిరిగి ఉంటుంది. యజమాని దృష్టిలో బెల్ట్ కొత్తదే. నిజానికి దాని గడువు ఎప్పుడో దాటిపోయింది. కొన్న రోజే ఉత్సాహంగా హైవే ఎక్కించి 6 వేల ఆర్‌పీఎం లాగారో, అక్కడితో అయిపోయినట్టే.

"బెల్టులు మార్చాం" అన్న ఒక్క ముక్క కూడా సరిపోదు. రసీదులో ఏమేం రాసుందో చదవాలి. టైమింగ్ బెల్ట్, బ్యాలెన్స్ బెల్ట్, వాటి రోలర్లు, వాటర్ పంప్, ముందువైపు ఆయిల్ సీళ్ళు ఉండాలి. క్యామ్‌కి ఒకటి, క్రాంక్‌కి ఒకటి, బ్యాలెన్స్ షాఫ్ట్‌లకి చెరొకటి. టైమింగ్ బెల్ట్ వీపు వాటర్ పంప్ కప్పీ మీదుగానే పోతుంది. ఆ పంపు బేరింగ్ బిగుసుకుంటే నిన్న వేసిన బెల్టయినా పోతుంది. సీళ్ళు కారితే నూనె బెల్టు మీద పడి రబ్బరు ఉబ్బుతుంది. బెల్టు మాత్రమే మార్చి మిగతావి వదిలేసిన రసీదు అంటే సగం పని, అంతే.

సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్ళకి: బ్యాటరీ తీగ తీసి, కూలెంట్ దింపి, రేడియేటర్ ఫ్యాన్లు బయటికి తీస్తే చెయ్యి పట్టేంత చోటు వస్తుంది. బయటి బెల్టులు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్, కవర్లు తీయాలి. మొదటి సిలిండర్‌ని టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చే స్థానానికి తేవాలి. బెల్‌హౌసింగ్ మీది కిటికీలోంచి ఫ్లైవీల్ మీద "ఓటీ" గుర్తు కనిపించాలి, అదే సమయంలో క్యామ్ గేరు మీది గీత వెనక కవర్ మీది గాడికి ఎదురుగా రావాలి. రెండూ కలిసిన తర్వాతే బెల్టు ముట్టుకోవాలి. ఫ్లైవీల్‌కి లాక్ వేసి క్రాంక్ బోల్టు విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు దానికి 210 న్యూటన్ మీటర్లు. బ్యాలెన్స్ షాఫ్ట్ గేర్లకి "ఓ", "యూ" అని రెండు గాళ్ళుంటాయి, పైనా కిందా గుర్తులు సరిచూసుకోవాలి. అది తప్పితే ఇంజన్ పాడవదు గానీ స్టీరింగ్ చేతిలో జలదరిస్తుంది. ఆ బెల్టుకి ఆనకుండా ఉండే రోలర్ ఒకటుంది, దానికీ బెల్టుకీ మధ్య అర మిల్లీమీటర్ సందు ఉండాలి. చాలామంది దాన్నే టెన్షనర్ అనుకుని బెల్టుకి నొక్కి బిగించేస్తారు. తర్వాత ముందునుంచి ఈల వేసినట్టు శబ్దం వస్తుంటే ఎక్కడిదో తెలియక తల పట్టుకుంటారు.

బిగింపు అసలు విద్య. 1987కి ముందు కార్లలో టైమింగ్ బెల్టు బిగింపు చేత్తో సరిచేయాల్సిందే. తర్వాతి వాటిలో స్ప్రింగ్ టెన్షనర్ ఉంది, కానీ బ్యాలెన్స్ బెల్టు అప్పటికీ చేత్తోనే. బిగింపు కొలిచే ఫ్యాక్టరీ వాళ్ళ గేజ్ పేరు పీ9201, కొత్తది ఖరీదెక్కువ, అద్దెకిచ్చేవాళ్ళున్నారు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే కొలవాలి. బిగుతు ఎక్కువైతే కూత పెడుతుంది, వాటర్ పంప్ బేరింగ్ తినేస్తుంది. వదులైతే పళ్ళు దాటేస్తుంది. కొత్త బెల్టు సాగుతుంది కాబట్టి 1,500 నుంచి 2,000 మైళ్ళ మధ్య మళ్ళీ కవర్లు తీసి బిగింపు చూడాలి. రసీదుల ఫైల్లో ఈ రెండో కొలత రాసి ఉంటే, ఆ యజమాని చేతి కారు కళ్ళు మూసుకుని చూడ్డానికి వెళ్ళొచ్చు.

తర్వాతిది ఆయిల్ కూలర్. ఇంజన్ పక్కనే నీటితో నూనెని చల్లబరిచే చిన్న కూలర్ ఉంటుంది. దాని రబ్బరు సీళ్ళు వయసుతో గట్టిపడి రెండింటినీ కలిపేస్తాయి. కూలెంట్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మూత తీస్తే లోపల గోధుమరంగు వెన్నలా పేరుకుని ఉంటుంది. అది చూడగానే హెడ్ గ్యాస్కెట్ (బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందని బేరం రద్దు చేసుకునేవాళ్ళున్నారు. డిప్‌స్టిక్ మీద నూనె శుభ్రంగా ఉండి, ట్యాంకులో మాత్రమే మడ్డి ఉంటే ముందు ఈ సీళ్ళనే అనుమానించాలి. ఇంజన్ తిరిగేటప్పుడు నూనె ఒత్తిడి ఎక్కువ కాబట్టి నూనే నీళ్ళలోకి పోతుంది. సీళ్ళు చవకే, పనే ఎక్కువ. హౌసింగ్ తిరిగి బిగించేటప్పుడు ఆయిల్ ప్రెషర్ రిలీఫ్ వాల్వు సరిగ్గా వరుసలో కూర్చోవాలి, దానికి ప్రత్యేకమైన టూల్ ఉంది. అది లేకుండా అందాజాగా బిగిస్తే వాల్వు ఇరుక్కుని ప్రెషర్ అస్తవ్యస్తమవుతుంది. నూనె తాగిన కూలెంట్ పైపులు మెత్తబడి ఉంటాయి, వాటినీ మార్చేయాలి.

పెట్రోలు పైపుల దగ్గర మాత్రం రాజీ వద్దు. ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే ఫ్యూయల్ రైల్ గొట్టానికి వెళ్ళే రబ్బరు హోసులు ఫ్యాక్టరీవే ఇంకా ఉంటే, కారు ఎంత ముద్దుగా ఉన్నా స్టార్ట్ చెయ్యకండి. లోపల ఒత్తిడి దాదాపు 2.5 బార్. ఎండిపోయిన హోసు చీలితే అది వేడి ఇంజన్ మీదకే చిమ్ముతుంది. 944లు ఇలా తగలబడిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఏళ్ళ తరబడి పడుకున్న కారు కొంటే వరస ఇది: పాత పెట్రోలు దింపడం, హోసులు, ఇంజెక్టర్ల ఓ రింగులు మార్చడం, బెల్టులు వేయడం, ఆ తర్వాతే తాళం తిప్పడం. అమ్మేవాడు "ఒక్కసారి స్టార్ట్ చేసి చూపిస్తా" అని తొందరపడితే వద్దని మీరే ఆపండి.

క్లచ్ ఇంకో మాయ. ఫ్యాక్టరీ క్లచ్ ప్లేటు మధ్యలో కుదుపు తగ్గించడానికి స్ప్రింగుల బదులు రబ్బరు పెట్టారు. వయసు మీరి అది చిరిగితే గేరు వేసి వదలగానే "టక్" మంటుంది, ఒకరోజు ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, కారు కదలదు. క్లచ్ మందం సగానికి పైగా మిగిలే ఉంటుంది, అయినా ప్లేటు పనికిరాదు. స్ప్రింగ్ సెంటర్ ప్లేటు వేసుకోవడమే సరైన మందు. కానీ అక్కడికి చేరాలంటే ఎగ్జాస్ట్ దింపాలి, వెనక గేర్‌బాక్స్ వదులు చేసి జరపాలి, టార్క్ ట్యూబ్ వెనక్కి నెట్టాలి, అప్పుడు బెల్‌హౌసింగ్ వస్తుంది. ఇంటి గరాజ్‌లో రెండు వారాంతాల పని, షాపులో రెండు వేల డాలర్లు సులువుగా దాటుతుంది. అంత విప్పినప్పుడు వెనక మెయిన్ సీలు, రిలీజ్ బేరింగ్, టార్క్ ట్యూబ్ లోపలి నాలుగు బేరింగులు కూడా చూసుకోవాలి. ఆ బేరింగులు కూర్చునేదీ రబ్బరు గూళ్ళలోనే. ఇంజన్ వేగం, స్థానం కంప్యూటర్‌కి చెప్పే స్పీడ్, రిఫరెన్స్ సెన్సర్ల కనెక్టర్లు చేత్తో ముట్టుకుంటేనే రాలిపోతాయి, కొత్తవి వేసి ఫ్లైవీల్‌కీ సెన్సర్‌కీ మధ్య 0.8 మి.మీ. సందు పెట్టాలి.

కారు దారిలో ఆగిపోయి స్టార్ట్ కాకపోతే భయపడి టో ట్రక్కుని పిలిచే ముందు డీఎంఈ రిలే చూడండి. పెట్రోలు పంపుకీ కంప్యూటర్‌కీ కరెంటిచ్చేది అదే. లోపలి టంకాలు వేడికి చిట్లుతాయి. రిలే పీకి 30, 87, 87బీ టెర్మినళ్ళు తీగతో కలిపితే ఇంజన్ అందుకుందంటే దోషం రిలేదే. గ్లవ్ బాక్సులో కొత్తదొకటి పడేసి ఉంచుకోండి. కొత్త రిలే వేసినా రాకపోతే, స్టార్టర్ తిప్పేటప్పుడు టాకోమీటర్ ముల్లు కదులుతుందేమో చూడండి. కదలకపోతే దోషం ఆ స్పీడ్, రిఫరెన్స్ సెన్సర్లదే.

ఇంజన్ మౌంట్లు కుంగడం, వెనక అద్దం ఫ్రేము నుంచి ఊడి వాన నీళ్ళు డిక్కీలోకి దిగడం, టర్బో కాని చాలా కార్లలో బ్యాటరీ ట్రే తుప్పు పట్టి కుడివైపు నేలంతా తడవడం, ఇవన్నీ ఉంటాయి, వీటితో వేగొచ్చు. ఒక్క హెచ్చరిక మాత్రం: 1985 మధ్య నుంచి వచ్చిన కార్లకి ముందు చక్రాలని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌లు అల్యూమినియంవి, బాల్ జాయింట్ అందులోనే కలిసి ఉంటుంది. అందం కోసం కారు బాగా కిందికి దించితే ఆ జాయింట్ బిగదన్ని, చివరికి ఆర్మ్ విరగొచ్చు. అంతకుముందరి ఉక్కు ఆర్మ్‌లకి ఈ బాధ లేదు, వాటి జాయింట్లు చవకగా విడిగా దొరుకుతాయి.

ఇక పెయింటు గురించి. కొన్న నెలలోనే రంగు వేయించి, చక్రాలు మార్చి, సీట్లకి కొత్త తోలు తొడిగి ఫొటోలు పెడతారు. పైన పటారం, లోన లొటారం. అవే డబ్బులు ముందు బెల్టులకీ, హోసులకీ, కూలర్ సీళ్ళకీ పెడితే కారు ఇంకో ఇరవై ఏళ్ళు తిరిగేది. పైగా రంగు వేశాక ఇంజన్ పని మొదలుపెడితే ఫెండర్ల మీద వాలి గంటల తరబడి పనిచేస్తూ ఆ కొత్త రంగునే గీకేస్తారు. మొదటి ఏడాది రంగు షాపు మొహం చూడొద్దు.

అమ్మేవాళ్ళకి ఫోన్ చేసినప్పుడు మైళ్ళు అడగడం మానేసి, చివరిసారి బెల్టులు ఏ నెల, ఏ ఏడాది వేశారో, మళ్ళీ ఎప్పుడు బిగింపు చూశారో, ఫ్యూయల్ హోసుల తేదీ ఏమిటో, క్లచ్ ప్లేటు రబ్బరుదా స్ప్రింగుదా అడగండి. నాలుగింటికీ జవాబు రాకపోతే ఆ పనులన్నీ ఇంకా మిగిలే ఉన్నాయని లెక్కేసి, ఆ ఖర్చంతా ధరలోంచి తీసేసి బేరం మొదలుపెట్టండి. దానికి ఒప్పుకోకపోతే అదే ఊళ్ళో లక్షన్నర మైళ్ళది, ఇంత లావు రసీదుల ఫైలున్నది ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని చూడ్డానికి పొద్దున్నే వెళ్ళండి, ఇంజన్ ముందే వేడెక్కించి ఉంచొద్దని చెప్పి మరీ.