ఒద్దు అంటే తప్పేటి?

మన ఉత్తరాంధ్ర యాసని ఎగతాళి చేసేవాళ్ళ మీద నా కోపం పాతదే. ఈమధ్య దానికి ఇంకో కోపం తోడైంది, అది మనవాళ్ళ మీదే. మా అన్నయ్య కూతురు విజయనగరంలో ఒక ప్రైవేటు బడిలో చదువుతోంది. పాఠం పైకి చదువుతూ "ఒద్దు" అందట. "ఒద్దు కాదు, వద్దు. నాలిక మందమా నీకు?" అన్నారట టీచరుగారు. పిల్ల ఇప్పుడు క్లాసులో నోరు విప్పడం లేదు. ఆ టీచరుగారిదీ చీపురుపల్లి పక్కే. ఇంటికెళ్ళాక ఆవిడ నోట్లోంచి ఏది వస్తుందో నేను కాగితం మీద రాసివ్వగలను.

సరే, ఆ మందం సంగతేటో చూద్దాం. వ పలకాలంటే పెదాలు పని చెయ్యాలి. దాని వెనకున్న పొట్టి అ ఏమో నోటి మధ్యలో తేలిగ్గా పుట్టేది, పక్కనున్నవాళ్ళ రంగు ఇట్టే పూసుకునే రకం. వ జారిపోతూ తన గుండ్రాన్ని దానికి అంటించి పోతుంది. నాలిక కాస్త వెనక్కి తగ్గుతుంది, అ కాస్తా ఒ అవుతుంది. వచ్చినాడు ఒచ్చినాడు, వదిన ఒదిన, వండినాను ఒండినాను. మరి "వాడు" ఓడు ఎందుకవలేదు, "ఆడు" ఎందుకయ్యాడు? ఆ అనడానికి దవడ బాగా కిందికి దిగాలి, అప్పుడు పెదాలు చుట్టడం కష్టం. అందుకే అక్కడ వ ఏమీ అంటించకుండానే రాలిపోయింది. ఇ, ఎల ముందు కూడా రాలిపోతుంది: వీధి ఈది, వెళ్ళిపోయాడు ఎల్లిపోనాడు. మా అమ్మ అరుగు మీంచి "ఆడొచ్చినాడు, ఇన్లేదేటి?" అని కేకేస్తే, ఆ ఒక్క కేకలో మూడు వలు పోయాయి. ఏదీ అడ్డదిడ్డంగా పోలేదు. ఒకటే గుండ్రాన్ని వదిలిపోయింది, అదీ పొట్టి అ ఉన్నచోటే. బడిముఖం చూడని మనిషి ఈ లెక్క జీవితంలో తప్పదు.

పైగా ఒద్దు మనకొక్కళ్ళకే రాసిపెట్టి ఉందా? గుంటూరులో వినండి, హైదరాబాదులో వినండి. మన యాస పెట్టి జోకులేసే టీవీ యాంకర్లు కూడా బ్రేకులో "టీ ఒద్దు" అంటారు.

అసలు బడిలో ఈ అచ్చుల గురించి ఏం చెప్తున్నారు? "ఉ ఊ ఓష్ఠ్యాలు, ఒ ఓ ఔ కంఠోష్ఠ్యాలు" అని బట్టీ కొట్టిస్తారు, అంతే. ఇప్పుడు ఒక పని చెయ్యండి. "ఈ" అని సాగదీస్తూ, నాలికని ఇసుమంత కూడా కదపకుండా, పెదాలు మాత్రం ముందుకి చుట్టండి. ఊ వచ్చిందా? రాదు. ఫ్రెంచివాళ్ళ భాషలో ఉండే వేరే అచ్చు ఒకటి వస్తుంది. పెదాలు ఊకి సగమే. నాలిక వెనక భాగం అంగుట్లో వెనక్కి లేస్తేనే మిగతా సగం. పాతవాళ్ళు ఒ, ఓల దగ్గర కంఠాన్ని కలిపారు గానీ ఉ, ఊలని ఉత్త పెదాల ఖాతాలో రాసేశారు. ఇప్పటి ధ్వనిశాస్త్రం ఈ నాలుగింటినీ వెనక అచ్చులు అంటుంది. నాలిక వెనక్కి పోతే నోటి ముందుభాగంలో ఖాళీ పెరిగి గొంతు లోతుగా వినిపిస్తుంది. పెదాలు చుడితే ఆ లోతు ఇంకా పెరుగుతుంది. అందుకే చాలా భాషల్లో ఈ రెండు పనులూ జోడుగా నడుస్తాయి.

జోడు విడిపోయిన చోట్లూ ఉన్నాయి. చెన్నైలో కట్టుబడి పనులకెళ్ళొచ్చిన మన కుర్రాళ్ళని అడగండి, చాలా తమిళ మాటల చివరి ఉ ఎలా ఉంటుందో. నాలిక వెనకే ఉంటుంది, పెదాలు మాత్రం చుట్టుకోవు. దానికి వాళ్ళ వ్యాకరణంలో కుట్రియలుగరం అని విడిగా పేరుంది. టర్కీవాళ్ళు అలాంటి అచ్చుకి చుక్కలేని ఐ అని ఒక అక్షరమే పెట్టుకున్నారు. వాళ్ళ నాలికలు మందమని ఎవరూ అనలేదు మరి.

ఇంకోటి. ఊరుని వూరు అని, ఒకటిని వొకటి అని పలకని తెలుగువాడిని నాకు చూపించండి. ఇల్లుకి య తగిలిస్తాం, ఊరుకి వ తగిలిస్తాం, కలలో కూడా తారుమారు చెయ్యం. తెలుగు మాటల మొదట వు వూ వొ వోలు లేవని చిన్నయసూరి సూత్రం రాశాడు, రాతకి అది సరిపోయింది. నోరు మాత్రం వెనక అచ్చు ముందు వ పెట్టడం మానలేదు.

ఇంగ్లీషు కోచింగుల్లో ఇదే గోల ఇంకో రకం. కాలేజీ, డాక్టరు, లారీ అని ఆ పెడతామని నవ్వుతారు. బ్రిటిషువాళ్ళు అక్కడ పలికే గుండ్రటి పొట్టి వెనక అచ్చు మనకి లేదు, దగ్గర్లో ఉన్నది పెట్టుకున్నాం. అమెరికాలో ఎక్కువమంది ఆ గుండ్రం ఎప్పుడో వదిలేసి మనలా ఆకి దగ్గరగానే పలుకుతారు. వాళ్ళని చూసి నవ్వరేం?

గిడుగు రామ్మూర్తి పంతులుగారు మన శ్రీకాకుళం పక్క పర్వతాలపేటలోనే 1863 ఆగస్టు 29న పుట్టారు. సవరల నోటిమాట చెవితో విని, వాళ్ళ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిన మనిషి. ఏటా ఆగస్టు 29న అన్ని బళ్ళలోనూ ఆయన ఫోటోకి దండేస్తారు. ముప్ఫయ్యో తారీఖు నుంచి మళ్ళీ మామూలే, నాలిక మందమా, నోరు తిరగదా.

రాతలో ఏది రాయాలంటారా? వద్దు అనే రాయించండి. ఒద్దు అని రాస్తే మార్కు కొయ్యండి, నాకే అభ్యంతరమూ లేదు. పైకి చదివేటప్పుడు మాత్రం పిల్ల నోరు మూయించకండి. అంతగా దిద్దాలని ఉంటే ఒక చేతి అద్దం తెచ్చి ఈ, ఊ, ఒ, ఆ అనిపించి పెదాలు ఎక్కడ చుట్టుకుంటున్నాయో చూపించండి. పావుగంట పని.