దీపం కింది చీకటి మళ్లీ మనకేనా?

గోపాల్‌పూర్ ఒడ్డుకు తెల్లారేసరికి బోట్లు వస్తాయి. వలలోంచి చేప దులుపుతుండగానే బేరం మొదలవుతుంది. డబ్బు చేతికి రాగానే బోటు యజమాని ముందుగా పక్కన పెట్టేది డీజిల్ ఖర్చు, ఆ తర్వాత ఐసు ఖర్చు. మిగిలినదాన్నే పాలు వేస్తారు: బోటుకు ఇంత, వలకు ఇంత, వేటకు వెళ్లిన ఒక్కొక్కరికి ఇంత. చేప పడని రోజున పాలు ఉండవు, డీజిల్ బాకీ మాత్రం ఉంటుంది. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మన తెలుగు మత్స్యకారుల ఇళ్లల్లో చమురు రాజకీయమంటే ఈ లెక్కే.

చమురు వదిలి ఎండ మీద, గాలి మీద, నీటి మీద బతకాలా, అయితే ఎంత తొందరగా అన్న వాదన ఇప్పుడు ఢిల్లీలో, భువనేశ్వర్‌లో, వాషింగ్టన్‌లో గట్టిగా నడుస్తోంది. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కనగిరి జిల్లాల్లో తెలుగు మాట్లాడే మనకు అది దూరపు గొడవలా అనిపించవచ్చు. మేమలా అనుకోవడం లేదు. ఆ వాదనలో ఎవరు గెలిచినా ఖర్చులో కొంత మన గడప దగ్గరకే వస్తుంది. ఒకసారి వచ్చింది కూడా.

ముందు మా వైఖరి చెబుతాం. చమురు నుంచి దేశం బయటపడాలి. మనం వాడే ముడి చమురులో దాదాపు 88 శాతం బయటి నుంచి కొంటున్నదే. ఎక్కడో యుద్ధం మొదలైతే ఇక్కడ సంతలో కూరగాయల బండి కిరాయి పెరుగుతుంది. 2025 ఆగస్టులో జరిగింది మరీ దారుణం. రష్యా నుంచి చమురు కొంటున్నామన్న కారణం చూపి అమెరికా మన సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది, మొత్తం 50 శాతానికి చేరింది. దెబ్బ తగిలింది ఎవరికి? రొయ్యలకు. ఆంధ్ర, ఒడిశా చెరువుల్లో పెరిగే రొయ్యకు పెద్ద గిరాకీ అమెరికాదే. చమురు బావిని ఎన్నడూ చూడని రొయ్యల రైతు చమురు తగాదాలో నలిగిపోయాడు. ఇక తుపాన్ల సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అయిదేళ్లకు తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల మీద విరుచుకుపడింది, కొండచరియలు విరిగిపడి మనుషులు సమాధి అయ్యారు. చమురూ బొగ్గూ మండించిన వేడి సముద్రంలో చేరుతుంటే తుపాన్లు ఇంకా బలం పుంజుకుంటాయని శాస్త్రవేత్తలు మొత్తుకుంటున్నారు. ఆ సముద్రం ఒడ్డునే మన ఊళ్లున్నాయి.

అయితే మార్పు కావాలన్న మాట అనడం వేరు, ప్రభుత్వాలు దాన్ని నిజంగా కోరుకోవడం వేరు. అమెరికా అధ్యక్షుడు కార్టర్ 1979లో వైట్‌హౌస్ పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టిస్తే, తర్వాత వచ్చిన రీగన్ హయాంలో 1986లో వాటిని దింపేశారు. ట్రంప్ 2025లో గద్దెనెక్కిన రోజే భూమి వేడెక్కడాన్ని అరికట్టేందుకు దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం నుంచి బయటికి వస్తున్నట్టు సంతకం పెట్టారు. 2023లో దుబాయ్ వాతావరణ సదస్సు శిలాజ ఇంధనాల నుంచి, అంటే బొగ్గు, చమురు, గ్యాసుల నుంచి పక్కకు జరగాలని మొదటిసారి ఒప్పుకుంది. రెండేళ్లకు బ్రెజిల్ సదస్సు తీర్మానంలో ఆ ఇంధనాల ఊసే లేకుండా పోయింది. ప్రపంచం సంగతి ఇంతటితో చాలు.

మన ప్రభుత్వాలు గట్టిగా మాట్లాడలేని కారణం ఇంకా దగ్గరగా, పెట్రోలు బంకులో ఉంది. ఇచ్ఛాపురం వైపు నుంచి బండ్లు ఒడిశాలోకి వచ్చి ట్యాంకు నింపుకుని వెళ్లడం సరిహద్దులో అందరం చూసేదే. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు కింద ఇంకో రూపాయి. ఒడిశాలో 28 శాతం. అదే ఒడిశాలో డిపోలకు దూరమైన మల్కనగిరిలో ధర అన్ని జిల్లాలకన్నా ఎక్కువ, అక్కడున్నదేమో నిరుపేద జనం. పెట్రోలును, డీజిల్‌ను జీఎస్టీలోకి తేవాలన్న మాట ఎన్నికల ముందు వినిపిస్తుంది, తర్వాత వినిపించదు. ఏటా లక్షల కోట్ల రూపాయలు కేంద్రానికీ రాష్ట్రాలకూ వచ్చేది ఆ బంకుల నుంచే కదా. కేంద్రం వసూలు చేసే సెస్సుల్లో రాష్ట్రాలకు వాటా లేదన్న తగువు ఒకటుంది, ఆ తగువులో న్యాయం కూడా ఉంది. కానీ రేపు బండ్లన్నీ కరెంటుతో నడిస్తే ఈ ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది? కరెంటు బిల్లు మీద వేస్తారా? ఆటోవాలా మీద వేస్తారా? ఏ పార్టీ కూడా ఈ ప్రశ్నకు నోరు విప్పడం లేదు. అధికారంలో ఉన్నవాళ్లూ చెప్పాలి, ప్రతిపక్షమూ చెప్పాలి. చెప్పకపోతే టెన్షన్ మొత్తం మామూలు మనిషికే.

లెక్కల్లో ఒక మెలిక కూడా ఉంది, అది జనానికి అర్థం కావాలి. దేశంలో ఉన్న విద్యుత్ సామర్థ్యంలో, అంటే కేంద్రాలన్నీ పూర్తిగా నడిస్తే ఇవ్వగలిగే కరెంటులో, సగం శిలాజేతర ఇంధనాలదేనని 2025 జూన్ నాటికి కేంద్రం ప్రకటించింది, అనుకున్నదానికన్నా అయిదేళ్లు ముందు. సంతోషమే. కానీ నిజంగా తయారయ్యే కరెంటులో నూటికి డెబ్బై వంతుల దాకా ఇప్పటికీ బొగ్గుదే. బరంపురం వీధుల్లో తిరిగే బ్యాటరీ రిక్షా వెనక తాల్చేరు బొగ్గు ఉంటుంది. పైగా సోలార్ ప్యానెళ్లు ఎన్ని పెరిగినా వాటంతట అవి డీజిల్‌ను తగ్గించవు. ఇంజను మారాలి. పొలంలో డీజిల్ పంపు తీసేసి సోలార్ పంపు పెట్టుకోవడానికి 2019 నుంచి పీఎం కుసుమ్ కింద సబ్సిడీ ఉంది. సముద్రంలోకి వెళ్లే ఇంజను విషయంలో అదే పట్టుదల మాకు కనపడటం లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటైతే ఒడ్డున గుడ్లు పెట్టే తాబేళ్ల కోసం నవంబరు నుంచి మే నెలాఖరు దాకా తీరానికి 20 కిలోమీటర్ల లోపు నిషేధం. వేటకు మిగిలే రోజులే తక్కువ, ఆ కొద్ది రోజుల్లో డీజిల్ ఖర్చు పోను ఏం మిగులుతుంది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. స్వచ్ఛమైన కరెంటు అన్న మాట ఈ జిల్లాలకు కొత్త కాదు. డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ కేంద్రం 1955లోనే కరెంటు ఇచ్చింది, ఆంధ్రకూ ఒడిశాకూ ఉమ్మడిగా. తర్వాత బలిమెల, ఎగువ కొలాబ్, ఎగువ ఇంద్రావతి. పొగ లేదు, బూడిద లేదు, బొగ్గు రైలు లేదు. ఈనాటి భాషలో చెప్పాలంటే అవన్నీ పునరుత్పాదక ఇంధన ప్రాజెక్టులే. బలిమెల నీళ్లు నిండినప్పుడు మల్కనగిరి జిల్లా చిత్రకొండ వైపు 151 గ్రామాలు మూడు వైపులా జలాశయం, నాలుగో వైపు కొండ అన్నట్టు తెగిపోయాయి. వాటికి కటాఫ్ ఏరియా అన్న పేరే స్థిరపడింది. ప్రసవానికి లాంచీ, రేషనుకు లాంచీ, పురుగు కుట్టినా లాంచీ. ఆ నీళ్లలో సగం బలిమెల టర్బైన్లకు, సగం ఆంధ్ర వైపు సీలేరుకు వెళ్తుంటే, వాటికింద పొలాలు మునిగిన వాళ్ల ఇంట్లో దశాబ్దాల పాటు వెలిగింది కిరసనాయిలు బుడ్డి. దేశానికి నీటి కరెంటు ఇచ్చినవాళ్లు చమురు దీపంతో బతికారు. ఆ పల్లెలను బయటికి కలిపే 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జులైలో గాని తెరుచుకోలేదు. బలిమెల 510 మెగావాట్లు అని పాఠ్యపుస్తకంలో చదువుకున్న పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పాలని మేం కోరుతున్నాం.

ఎందుకింత వివరంగా గుర్తు చేస్తున్నామంటే అదే లోయలకు మళ్లీ సర్వేవాళ్లు వస్తున్నారు. సోలార్ కరెంటు పగలే వస్తుంది, జనానికి ఎక్కువ కావలసింది పొద్దుగూకాక. అందుకని పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పైజలాశయానికి ఎక్కించి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ పద్ధతి కావాలంటున్నారు. బలిమెల, ఎగువ కొలాబ్, ఎగువ ఇంద్రావతి దగ్గర అలాంటి ప్రతిపాదనలున్నాయి. పద్ధతి మంచిదే, అవసరమే. కానీ ఆ పైజలాశయం ఎక్కడో ఒక చోట, ఎవరిదో ఒక కొండ మీద కట్టాలి. అవతల అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇలాంటి ప్రాజెక్టులు వద్దని ఆదివాసీలు రోడ్డెక్కింది అందుకే. వాళ్లను అభివృద్ధి నిరోధకులనడం తేలిక. మాచ్‌ఖండ్, బలిమెల ముంపు చూసినవాళ్ల మనవలు కాగితం చూడకుండా సంతకం పెడతారని మాత్రం ఎవరూ అనుకోకూడదు.

కొండలతో ఆగదు. సోలార్ ప్యానెల్ ఫ్రేముకూ కరెంటు తీగకూ అల్యూమినియం కావాలి, దానికి బాక్సైటు కావాలి, అది రాయగడ, కొరాపుట్ కొండల్లో ఉంది. గాలిమర జనరేటరుకూ బ్యాటరీ బండి మోటారుకూ బలమైన అయస్కాంతాలు కావాలి, వాటికి అరుదైన మూలకాలు కావాలి. అవి ఛత్రపురం దగ్గర మన కాళ్ల కింది ఇసుకలోనే ఉన్నాయి. ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ అక్కడ ఎన్నో ఏళ్లుగా తీరపు ఇసుక తవ్వి ఖనిజాలు వేరు చేస్తోంది. 2025 ఏప్రిల్‌లో చైనా ఈ మూలకాల ఎగుమతిని బిగించగానే మన వాహన కంపెనీలు కంగారు పడ్డాయి. అప్పటి నుంచి గంజాం ఇసుక విలువ ఢిల్లీకి ఇంకా బాగా తెలిసొచ్చింది. ఎడారి దేశాలకు చమురు ఎలాంటిదో, రేపటి ప్రపంచంలో ఈ ఇసుక, ఈ కొండ అలాంటివి. మరి ఆ సంపద పక్కన బతికేవాళ్ల మాట ఎవరు వినాలి?

ఇక్కడే మాకు కోపం వస్తోంది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల తవ్వకాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ మినహాయింపు ఇచ్చింది. తీరపు ఇసుకలో ఈ అరుదైన మూలకాలు దొరికే ఖనిజం మోనజైటు ఆ జాబితాలోదే. సోలార్ ప్లాంట్లకు పర్యావరణ అనుమతే అక్కర్లేదు, కాబట్టి అక్కడ జనాన్ని కూర్చోబెట్టి అడిగే సభా లేదు. దేశ భద్రత, చైనా పోటీ, వాతావరణం, ఇవన్నీ పెద్ద కారణాలే. అయినా ఊరివాళ్లను అడగకుండా ఉండటానికి అవి కారణాలు కావు. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక బాక్సైటు ఉన్న నియంగిరి కొండల కింద 12 పల్లెల్లో గ్రామసభలు పెట్టి అడిగారు. పన్నెండూ బాక్సైటు తవ్వకం వద్దన్నాయి. దేశం కూలిపోలేదు. అడిగితే వద్దంటారన్న భయంతో అడగడమే మానేస్తే, దాన్ని చమురు కాలం నుంచి బయటపడటం అని మేం అనలేం. బలిమెల రోజుల్లోకి తిరిగి వెళ్లడమే అవుతుంది.

అడిగే చోట కూడా ఎలా అడుగుతున్నారో చూడాలి. పర్యావరణ నివేదిక సారాంశం ఇంగ్లీషులోనూ రాష్ట్ర భాషలోనూ ఇస్తే రూలు తీరిపోతుంది. ఛత్రపురం, గోపాల్‌పూర్ తీరంలోని పల్లెల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగు, కొండల మీద కువి, కుయి, గదబ. పిల్లలు బడిలో ఒడియా నేర్చుకున్నారు, నిజమే. కానీ బోటు యజమాని, కొండపోడు చేసే ముసలమ్మ ఆ కాగితం ఎలా చదువుతారు? మైకులో ఎవరో చదివి వినిపించి, చేతులెత్తమంటే ఎత్తి రావడం అభిప్రాయ సేకరణ కాదు.

ఇంకో మాట, ఇది ఇళ్లమీద ప్యానెళ్లు పెట్టుకుంటున్నవాళ్లకు. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తోంది, తీసుకోండి. ఒక విషయం మాత్రం తెలుసుకుని తీసుకోండి. లైన్‌కు కలిపిన మామూలు ప్యానెళ్లు లైన్‌లో కరెంటు పోగానే ఆగిపోతాయి. స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్‌కు షాక్ కొట్టకూడదని ఆ ఏర్పాటు. బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టరు లేకపోతే తుపాను మర్నాడు ఎండ కాస్తున్నా ఇల్లు చీకటే. ఫైలిన్ తర్వాత, తిత్లీ తర్వాత ఫోను చార్జింగ్ కోసం డీజిల్ జనరేటర్ల దగ్గర క్యూ కట్టిన రోజులు మనం మరిచిపోలేదు. తుపాను జిల్లాలకు బ్యాటరీతో కలిపి సబ్సిడీ ఇవ్వాలి, ముందు తుపాను షెల్టర్లకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఇవ్వాలి. తుపాన్లు రాని చోటుకూ తుపాను జిల్లాకూ ఒకే లెక్క సరిపోదు.

భువనేశ్వర్‌ను, ఢిల్లీని మేం అడిగేవి ఇవి. తీరపు ఇసుక తవ్వకాలకు ఇచ్చిన మినహాయింపు వెనక్కి తీసుకోవాలి. పంప్డ్ స్టోరేజీ సర్వే ఏ లోయలో మొదలైనా ముందు అక్కడి గ్రామసభకు పటం చూపించాలి, వాళ్లకు తెలిసిన భాషలో. కటాఫ్ ఏరియా పాత బాకీలు తేల్చకుండా బలిమెల దగ్గర కొత్త కాంక్రీటు పోయకూడదు. బోటు ఇంజను మార్చుకోవడానికి సొమ్మిచ్చే పథకం ఈసారి వేట నిషేధం ముగిసి, జూన్ 15న బోట్లు నీళ్లలోకి దిగే లోపు ప్రకటించాలి. అప్పటిదాకా డీజిల్ మీద తీసుకునే పన్నులో కొంతైనా మత్స్యకారులకు తిరిగి ఇవ్వాలి.