మహారాజశ్రీ నల్ల టెలిఫోను దొరవారికి రాజీనామా లేఖ

మహారాజశ్రీ నల్ల టెలిఫోను దొరవారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. తమరు క్షేమమని నాకు తెలుసు. పొద్దున్నే మెత్తటి గుడ్డ పెట్టి తమ వీపు తుడిచింది నేనే. నా క్షేమం తమరు అడగరు గనక నేనే చెప్పుకుంటాను. ఇవాళ పదో తారీఖు. ఖాతాలో నాలుగు వేల చిల్లర ఉంది. మొన్న గురువారం హైదరాబాదు జుమ్మేరాత్ బజార్‌లో తమ జాతివాడే ఒకడు, రిసీవర్‌కి బీటపడినవాడు, డయల్ సగం దాకా వచ్చి ఆగిపోయేవాడు, పదహారు వేలు పలికాడు. గంటసేపు బేరమాడితే పదిహేనున్నరకి దిగి అక్కడ చతికిలబడ్డాడు. అందుచేత పాత టెలిఫోన్లు పోగుచేసే ఈ ఉద్యోగానికి నేటితో రాజీనామా సమర్పించుకుంటున్నాను. నోటీస్ పీరియడ్ ఇవ్వడం లేదు. ఇస్తే ఆ నెల రోజుల్లో ఇంకొకటి కొనేస్తాను.

చిన్నప్పటి నుంచి వీడికి నా మీద ప్రేమ, ఇంత తేలిగ్గా వదులుతాడా అని తమరు అనుకోవచ్చు. ప్రేమ కాదు దొరా, కడుపుమంట.

తెనాలిలో మా వీధి మొత్తానికి తమరు కొలువున్నది ధాన్యం కమీషన్ వ్యాపారి గారి హాల్లో. కింద టేకు స్టాండు, పైన క్రోషియా గుడ్డ, డయల్ చిల్లులో బుల్లి తాళం. మా నాన్న గుమాస్తా. ఏ దరఖాస్తు నింపినా ఆ నంబరే రాసి పక్కన పీపీ అని పెట్టేవారు. పీపీ అంటే పక్కింటి ఫోను అని నేను చాలాకాలం అనుకున్నాను. ఇప్పటికీ అదే సరైన అర్థమని నా అభిప్రాయం.

మాకు ఫోనొస్తే వాళ్ళబ్బాయి గుమ్మంలోంచి కేకేసేవాడు. మా అమ్మ చేతులు తుడుచుకుని, జుట్టు సర్దుకుని, కొంగు నిండుగా కప్పుకుని బయల్దేరేది. అవతల లైన్లో ఉన్నది సొంత తమ్ముడే. అయినా వెళ్తున్నది తమరి సముఖానికి కదా! నిలబడే మాట్లాడేది. విశాఖపట్నం నుంచి వచ్చిన ట్రంక్ కాల్ గనక, ఫోను లేకపోయినా విశాఖపట్నానికి వినపడేంత గట్టిగా మాట్లాడేది. పక్కన సోఫాలో వ్యాపారి గారి తల్లి కూర్చుని మా ఇంటి సంగతులన్నీ వింటూ వక్కలు కత్తిరించుకునేది. ఫోను వాడుకున్నందుకు ఆవిడ తీసుకునే అద్దె అదే.

ఆ తాళానికి విరుగుడు నాకు చెప్పింది కూడా ఆ ఇంటి అబ్బాయే. రిసీవర్ కింద ఉండే గుబ్బల్ని వేలితో టకటకా నొక్కితే డయల్ తిప్పకుండానే నంబరు వెళ్ళిపోయేది. నాలుగుకి నాలుగు నొక్కులు, సున్నాకి పది. డయల్ తిరిగి వచ్చేటప్పుడు చేసే పనీ అంతేగా, సెకనుకి పది చొప్పున లైన్ తెంపడం, కలపడం. ఒక మధ్యాహ్నం పెద్దవాళ్ళు నిద్రపోతుంటే ఇద్దరం 197 కొట్టాం. మొత్తం పదిహేడు నొక్కులు. అవతల ఒకావిడ "డైరెక్టరీ ఎంక్వైరీ" అంది. ఏం కావాలో మాకే తెలీదు గనక పెట్టేసి పారిపోయాం. తమరితో నా మొదటి సంభాషణ అది.

మా నాన్నా దరఖాస్తు పెట్టారు. పెద్ద డిపాజిట్ కట్టగలిగినవాళ్ళకి ఓవైటీ, అంటే 'ఓన్ యువర్ టెలిఫోన్' అని ఒక వరస, కట్టలేనివాళ్ళకి జనరల్ వరస. మాది జనరల్. ఆ వరస కదిలి మా ఇంటికి లైన్ వచ్చేసరికి, దరఖాస్తు పెట్టిన రోజు ఏడో తరగతిలో ఉన్న నేను డిగ్రీ రెండో ఏడులో ఉన్నాను. తీరా లైన్‌మన్ గారు సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది లేత గోధుమరంగు బటన్ల ఫోను. తమరు అప్పటికే రిటైరయ్యారట. మా నాన్న ఒక్క మాటే అన్నారు: "నల్లది కాదా?"

ఆ తర్వాత తమరి దశ తిరిగింది, అడ్డంగా. 1995 జులై 31న కలకత్తాలో జ్యోతిబసు గారు సెల్‌ఫోన్ పట్టుకుని ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్ గారితో మాట్లాడారు. దేశంలో అదే మొదటి సెల్ కాల్. ఆ ఒక్క కాల్‌తో తమరు ఒక్కరోజులో కూలిపోలేదు గానీ, పదేళ్ళు తిరిగేసరికి ఇళ్ళలో బల్లమీంచి అటకెక్కారు, అటకమీంచి పాత సామానువాడి బండెక్కారు. 2008లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో తమరు నాకు కనపడ్డప్పుడు కింద ప్లాస్టిక్ పట్టా, ఒకపక్క చెడిపోయిన మిక్సీలు, ఇంకోపక్క చక్రాలు ఊడిన సూట్‌కేసు. ఆ బండివాడు తమరిని ఇంకో గంటలో సుత్తితో పగలగొట్టబోతున్నాడు. లోపలి రాగి తీగ చుట్ట, రెండు గంటల గిన్నెలూ వాడికి కావాలి, మిగతాది చెత్త. నూట యాభై ఇచ్చి ప్రాణభిక్ష పెట్టించాను. ఈ సంగతి తమరి ఆత్మకథలో రాసుకోరని తెలుసు.

అక్కణ్ణుంచి పదేళ్ళే మన మధ్య నిజమైన స్వర్ణయుగం. తమరు అందరికీ కావాల్సిన రోజుల్లో మాకు అందలేదు. ఎవరికీ అక్కర్లేని రోజుల్లో మా చేతికొచ్చారు. ఆదివారం ఎర్రగడ్డ, గురువారం జుమ్మేరాత్ బజార్. మూడొందలు, అయిదొందలు, మరీ బాగుంటే వెయ్యి. అప్పట్లో నేను నేర్చుకున్న విద్యలు ఏ యూనివర్సిటీలోనూ చెప్పరు. బొటనవేలితో ఒంటిని గట్టిగా రుద్ది, వేడెక్కాక ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆసుపత్రి వాసన లాంటిది వస్తుంది. వస్తే బేకలైట్, రాకపోతే మామూలు ప్లాస్టిక్. రిసీవర్ని చెవి దగ్గర ఊపితే లోపల ఇసుకలాగా సన్నగా గలగలమంటుంది, అది బొగ్గు రేణువుల చప్పుడు. గలగల లేకపోతే అవి గడ్డకట్టాయని, అవతలివాళ్ళకి మన గొంతు నూతిలోంచి వచ్చినట్టు వినిపిస్తుందని అర్థం. అలాంటప్పుడు రిసీవర్ని అరచేతిలో నాలుగు దెబ్బలు కొట్టాలి. మన పెద్దవాళ్ళు పనిచేయని ఫోన్ని కొట్టేవారంటే ఊరికే కాదు. టీవీని ఎందుకు కొట్టేవారో మాత్రం నాకు తెలీదు.

కోఠీ గుజరాతీ గల్లీలో ఒక పెద్దాయన ఉండేవారు. డయల్ విప్పి, లోపలి స్ప్రింగుని పట్టకారుతో ఒక్క చుట్టు బిగించి, సున్నా తిప్పి వదిలి కళ్ళు మూసుకుని వినేవారు. డయల్ వెనక్కి వచ్చే చప్పుడు నచ్చితే తలూపి రెండొందలు తీసుకునేవారు. నచ్చకపోతే మళ్ళీ విప్పేవారు, డబ్బు మాట ఎత్తేవారు కాదు. ఆయన దుకాణం మూసి కరీంనగర్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. ఇప్పుడు అదే పనికి అడుగుతున్నది రెండు వేలు, అదీ యూట్యూబ్ చూసి చేసే కుర్రాడు.

ఇంతకీ తమరికి మళ్ళీ ఈ రాచరికం ఎలా వచ్చిందో తెలుసా? కాఫీ షాపుల వల్ల. కొత్తగా తెరిచిన ప్రతి కాఫీ షాపుకీ ఒక పాత సైకిల్, ఒక లాంతరు, ఒక తమరు ఉండాలట. ఆ పైన ప్రీ వెడ్డింగ్ షూట్లు. పుట్టినప్పటి నుంచి సెల్‌ఫోనే చూసిన పిల్లా పిల్లాడూ, చెరొక రిసీవర్ చెవికి పెట్టుకుని, వైర్లు ఎక్కడా తగిలించకుండా, గండిపేట చెరువు గట్టున నవ్వుకుంటూ మాట్లాడుకుంటారు. తమరి అద్దె రోజుకి పదిహేనొందలు. మా నాన్న దరఖాస్తు పెట్టి అన్నేళ్ళు ఎదురుచూసింది కనెక్షన్ కోసం. వీళ్ళకి అదొక్కటే అక్కర్లేదు.

గిరాకీ వచ్చింది గనక వంశవృక్షాలూ వచ్చాయి. మొన్నటి వ్యాపారి తమరి బంధువుని చేతికిస్తూ, "గిది మామూలు పీస్ కాదన్నా, నిజాం సర్కారుది" అన్నాడు. తిరగేసి చూశాను. అడుగున ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, బెంగళూరు అని ముద్ర ఉంది. ఆ సంస్థ పెట్టింది 1948లో. ఆ సెప్టెంబర్‌లోనే నిజాం ప్రభుత్వం పోయింది. ఈ మాటే మెల్లగా చెప్పాను. అతను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అవునన్నా, ఆఖరికి తెప్పించుకున్నడు. గందుకే రేటు ఎక్కువ."

పక్కనే ఇంకోటి ఉంది, చెక్క పీట మీద ఇత్తడి ఒళ్ళు, ఆవు కొమ్ముల్లాంటి రిసీవర్ స్టాండు. విక్టోరియా రాణిదన్నాడు. డయల్ చిల్లులో వేలు పెడితే తిరగలేదు, కిందికి దిగింది. చిల్లుచిల్లుకీ ఒక బటన్. రాణీ గారి ముందుచూపుకి దండం పెట్టి వచ్చేశాను.

మంచి సరుకు రాదని కాదు, వస్తుంది. వచ్చినప్పుడు అతను ముందు ఫోన్ చేసేది ఒక కాఫీ షాపు డెకరేటర్‌కి, పదిహేనేళ్ళ పాత గిరాకీనైన నాకు కాదు. తమరి కుటుంబంలో ఇదేం కొత్త సంగతి కాదు లెండి. అమెరికాలో స్ట్రౌజర్ అని అంత్యక్రియల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. ఎక్స్చేంజీలో ఆపరేటరు తన గిరాకీలన్నిటినీ పోటీవాడికి కలిపేస్తోందని ఆయన అనుమానమట. దాంతో ఆపరేటరే అక్కర్లేని ఎక్స్చేంజీ కనిపెట్టి 1891లో పేటెంట్ తీసుకున్నాడు. తమరికి డయల్ రావడానికి మూలం ఆ కడుపుమంటే. నాకూ కడుపుమంట ఉంది, అంత బుర్ర లేదు.

పోనీ కొన్నవాటితోనే తృప్తిపడదామా అంటే తమరి పోషణ తక్కువ ఖర్చా? గుడ్డ అల్లిక వైరు ఇక్కడ దొరకదు, ఇంగ్లండ్ నుంచి రావాలి. వైరు ఖరీదు, దాని మీద కొరియర్, దాని మీద కస్టమ్స్ సుంకం. మూడొందల ఫోనుకి మూడు వేల జడ. ఇక మా అపార్ట్‌మెంట్లో రాగి లైన్లు పీకేసి ఫైబర్ వేశారు. గోడకి ఒక తెల్ల డబ్బా బిగించి వెళ్ళారు. తమరు డయల్ తిప్పి పంపే టకటకలు ఆ డబ్బాకి అర్థం కావు, దానికి బటన్ల కూతలే కావాలి. టకటకల్ని కూతలుగా మార్చే చిన్న పెట్టె ఒకటి ఉంది, దాని ధరకి నాలుగేళ్ళ కిందట ఇద్దరు తమర్లు వచ్చేవారు. కొనలేదు. కాబట్టి ప్రస్తుతం తమరు వినగలరు, మోగగలరు, ఎవరినీ పిలవలేరు. మోగినా చేసేది మా చుట్టాలు కాదు. ఆ నంబరు మాకే గుర్తులేదు. గుర్తున్నది పర్సనల్ లోన్లు ఇచ్చేవాళ్ళకి ఒక్కళ్ళకే.

మా అబ్బాయి ఒకసారి తమరి మీద ఆసక్తి చూపించాడు. ఆరంకెలు తిప్పి ఏడోది తప్పు తిప్పాడు. "బ్యాక్‌స్పేస్ ఏది నాన్నా?" అన్నాడు. పెట్టేసి మొదటి నుంచి తిప్పాలిరా అన్నాను. వాడు నావైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు. మా ఆవిడ మాత్రం ముక్కుసూటి మనిషి. "ఏమండీ, ఇంట్లో ముప్ఫయ్యేడు ఫోన్లున్నాయి. గ్యాస్ బుక్ చేయాలంటే మీ జేబులోదే తీసుకోవాలి" అంది. వంటింటి అలమారలో పచ్చళ్ళ జాడీల పక్కన ఉన్న ఆరుగురు తమర్లనీ నెలాఖరులోగా ఖాళీ చేయించాలట.

అమ్మేద్దామని చూడలేదనుకోకండి. సంచీలో ఒకటి పెట్టుకుని అదే వ్యాపారి దగ్గరికి వెళ్ళాను. పదహారు వేలదానికి అచ్చం కవలపిల్ల, ఒంటిమీద గీత లేదు. తిప్పి చూసి, ఊపి చూసి, "తొమ్మిదొందలిస్తనన్నా" అన్నాడు. అదేమిటయ్యా, మొన్న నిజాంది అన్నావుగా అన్నాను. "నిజాంది నా దగ్గరుంది. నీది సెకండ్ హ్యాండ్." బుజాన వేసుకుని తిరిగొచ్చాను. తమరు తక్కువ బరువేం కాదు. మెట్రో స్టేషన్లో స్కానర్ దగ్గర సంచీ ఆపి ఇదేంటని అడిగితే, ఫోను అన్నాను. ఆయన నా జేబులో సెల్‌ఫోన్ వైపు ఒకసారి, సంచీ వైపు ఒకసారి చూసి పంపేశాడు.

కాబట్టి ఇదే నా తుది నిర్ణయం. ఎర్రగడ్డకి వెళ్ళను, జుమ్మేరాత్ బజార్‌కి వెళ్ళను, వెళ్ళినా పాత పుస్తకాలే చూస్తాను. ముప్ఫయ్యేడుగురిలో తమరొక్కరినే, నూట యాభై పెట్టి సుత్తి కింద నుంచి లాక్కొచ్చిన తమరినే, హాల్లో ఆ తెల్ల డబ్బాకి తగిలించి ఉంచుతాను. మిగతావాళ్ళని అట్టపెట్టెల్లో సర్ది మంచం కిందికి

ఉండండి, మోగుతున్నారు.

ఒక అమ్మాయి. పర్సనల్ లోనట. అయిదు లక్షల దాకా ముందే మంజూరైపోయిందట, కాగితాలేం అక్కర్లేదట. పెట్టేద్దామనే రిసీవర్ ఎత్తాను. వడ్డీ ఎంతమ్మా అని అడిగాను, ఊరికే. కనుక్కుని చెప్తాను సార్, లైన్లో ఉండండి అంది.

ఉన్నాను.