సోఫా పరిచర్య

మొన్న ఆదివారం మా పాస్టరుగారు, సంఘం బలపడాలంటే విశ్వాసికి ఎలాంటి మనసుండాలో బోధించారు. మా అయ్యగారి ప్రసంగం ఏదైనా మూడు పాయింట్లే. మూడూ ఒకే అక్షరంతో మొదలవ్వాలి. ఈసారి 'ప' తగిలింది. ప్రేమ, పరిచర్య, పరిశుద్ధత. గంటా పది నిమిషాలు చెప్పారు. అంతసేపూ నేను ఆయన వంక చూడలేదు. ఆయనకు కుడిపక్కన, ముందు వరుసలో ఖాళీగా ఉన్న సోఫా వంకే చూస్తూ కూర్చున్నాను. నాలుగో 'ప' అక్కడుంది. పరుపు.

మీ చర్చిలోనూ ఉండే ఉంటుంది ఆ సోఫా, లేదని బుకాయించకండి. పెళ్లి రిసెప్షన్‌లో వధూవరులు కూర్చునే సైజు. ఎర్ర వెల్వెట్టు, చేతులకు బంగారు రంగు పూసిన సింహం తలలు. అందులో ఒక సింహానికి ముక్కు ఊడింది. షామియానాల షాపతను వ్యాపారం ఎత్తేస్తుంటే మా కమిటీ బేరమాడి 18,000కి తెచ్చింది. దాని వీపుకి తెల్ల టర్కీ టవలు. ఎదురుగా టీపాయ్, టీపాయ్ మీద ప్లాస్టిక్ పూలు, ఒక నీళ్ల సీసా. ఆ సీసా మూత ఇంతవరకూ ఎవరూ తిప్పలేదు. లోపల నీళ్లు ఏ ఎన్నికలప్పటివో కూడా తెలీదు.

సోఫా ఘనత అర్థం కావాలంటే ముందు మా చర్చిలో కూర్చునే పద్ధతి తెలియాలి. కమిటీ పెద్దలకు చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు. నెలనెలా చందా కట్టే ఉద్యోగస్తులకు చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలు. మిగతావాళ్లకు చాపలు. చాపలు నిండితే పట్టాలు. పట్టాలూ నిండితే గుమ్మం అవతల చెప్పుల దగ్గర మెట్లు. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో, బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ని మంచి చోట కూర్చోబెట్టి, మురికి బట్టల బీదవాణ్ని నా కాళ్ల దగ్గర కూర్చోమనడం గురించి ఉంటుంది కదా. దాన్ని హెచ్చరిక అనుకునేవాళ్లు పొరబడుతున్నారు. మా కమిటీ దాన్ని సీటింగ్ ప్లానుగా చదువుకుంది. ఎంత చక్కగా అమలు చేస్తోందో యాకోబుగారు చూసి ఉంటే ముచ్చటపడేవారు.

అయితే సోఫా వీటిలో ఏ తరగతికీ చెందదు. అది రాకడ కోసం. కంగారుపడకండి, ప్రభువు రాకడ కాదు, ఎమ్మెల్యేగారి రాకడ. ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియవు, పీఏకి కూడా తెలియవు. కనుక మెలకువగా ఉండాలి, టవలు ఉతికి ఉంచాలి.

పోయిన క్రిస్మస్‌కి పదిన్నరకల్లా వచ్చేస్తానని ఎమ్మెల్యేగారి నుంచి కబురొచ్చింది. ఆ రోజు సంగతి మీకు తెలుసుగా, ఏడాదికోసారి కనబడే క్రిస్మస్ క్రైస్తవులంతా కొత్త బట్టల్లో దిగుతారు. తొమ్మిదిన్నరకే కుర్చీలూ చాపలూ నిండిపోయాయి. అప్పుడొచ్చింది మామ్మ. ఊరంతటికీ మామ్మే. ఎనభై దాటాయి, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, కింద కూర్చుంటే ఇద్దరు పట్టుకుని లేపాలి. గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసింది. ఇంత పెద్ద హాల్లో ఒక్కటే ఖాళీ కనబడింది. తిన్నగా వెళ్లి సోఫాలో కూర్చుంది. కాళ్లు నేలకు అందలేదు. బియ్యం సంచి పక్కన పెట్టుకుని, చెంగు తలమీదికి లాక్కుని, రెండు నిమిషాల్లో కునుకు తీసింది.

క్వయర్ పాడుతూనే ఉంది. సెక్రటరీ ట్రెజరర్ వంక చూశాడు. ట్రెజరర్ యూత్ ప్రెసిడెంటు వంక చూశాడు. యూత్ ప్రెసిడెంటు కీబోర్డు వాయించేవాడి వంక చూశాడు. వాడు శ్రుతి తప్పాడు. ఎవరికీ ధైర్యం చాల్లేదు, ఎందుకంటే వాళ్లలో సగంమందికి చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టించింది మామ్మే. చివరికి ఆ చూపులన్నీ తిరిగి తిరిగి నా దగ్గర ఆగాయి. "నువ్వు చెబితే వింటుంది బాబాయ్" అన్నాడు సెక్రటరీ.

వెళ్లాను. వెళ్లకపోతే బావుండేది, కానీ నాదీ చేతులున్న కుర్చీయే.

"మామ్మా, కొంచెం లేస్తావా? అది పెద్దలకి."

"ఎవరొస్తున్నార్రా?"

"ఎమ్మెల్యేగారు."

మామ్మ సోఫాని ఇటు చివర నుంచి అటు చివరదాకా చూసింది. "రానీరా. ముగ్గురం పడతాం" అంది.

దానికి జవాబు నా దగ్గర లేదు. కమిటీ దగ్గర ఉంది. ఇద్దరు కుర్రాళ్లు చెరో రెక్కా పట్టుకుని ఎంతో మర్యాదగా లేపి, ఒక చేతుల్లేని కుర్చీ ఖాళీ చేయించి కూర్చోబెట్టారు. పదిన్నరైంది, పదకొండున్నరైంది. పాటలైపోయాయి. అయ్యగారు ప్రార్థన అందుకున్నారు. దేశ నాయకుల కోసమని రాష్ట్రపతితో మొదలుపెట్టి, ప్రధానమంత్రి, గవర్నరు, ముఖ్యమంత్రి, కలెక్టరు, తహసీల్దారు మీదుగా వీఆర్వో దాకా దిగారు. ప్రార్థన వీఆర్వో దాకా వచ్చింది కానీ ఎమ్మెల్యే రాలేదు. పన్నెండింటికి ఆయన తాలూకు ముందస్తు బృందం ఐదుగురు దిగారు. వాళ్లకు కుర్చీలు కావాలి. మామ్మను చాప మీదికి మార్చారు. ఆ తర్వాత కేకు పెట్టె వచ్చింది, దాన్ని పెట్టడానికి చాప కావాల్సొచ్చింది. మామ్మ మెట్ల మీదికి మారింది. సోఫాలో కూర్చున్న మనిషి రెండున్నర గంటల్లో చెప్పుల దగ్గరికి చేరింది. మా సీటింగ్ ప్లాను ప్రకారం మెట్టు మెట్టుగానే దిగింది.

ఎమ్మెల్యేగారు మాత్రం రానేలేదు. ఆయన బదులు ద్వితీయ శ్రేణి నాయకుడొకరు వచ్చారు. సోఫాలో కాలు మీద కాలేసుకుని ఫోను చూసుకున్నారు. శాలువా, దండ, కేకు, సెల్ఫీలు. క్రీస్తు చూపిన బాటలోనే తమ పార్టీ నడుస్తోందని మైకులో చెప్పారు. చప్పట్లు కొట్టాం. పదకొండు నిమిషాల్లో వెళ్లిపోయారు, కమిటీ అంతా కారు దాకా వెంట వెళ్లింది. వాళ్లు తిరిగొచ్చి సర్దుకున్నాక అయ్యగారు బైబిలు తెరిచి ఆనాటి వాక్యం చదివారు. లూకా రెండో అధ్యాయం. సత్రంలో వాళ్లకు స్థలం లేకపోయిందట. ఎంత రాతి గుండెలండీ ఆ బేత్లెహేము వాళ్లవి అని అయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. మేమూ తుడుచుకున్నాం.

మా కమిటీకి చరిత్ర తెలియదని కాదు. ప్రతి వార్షికోత్సవంలోనూ చెబుతారు. ఇదే గుండ్లకమ్మ ఏట్లో, వెల్లంపల్లి దగ్గర, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని. ఆ అంకె మైకులో చెప్పేటప్పుడు సెక్రటరీ గొంతు ఒక శ్రుతి పెరుగుతుంది. ఆ నీళ్లలోకి దిగినవాళ్లు ఎవరో మాత్రం చెప్పరు. అంతకు ముందు రెండేళ్లుగా కరువు. జనం పిట్టల్లా రాలిపోతుంటే, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని కూలి పనులిప్పించాడు. ఆ తట్టలు మోసినవాళ్లూ, వాళ్ల చుట్టాలూ, చెప్పులు కుట్టేవాళ్లూ. అంటే మా ముత్తాతలు.

ఇంకా ముందు సంగతి ఒకటుంది, అది అసలే చెప్పరు. 1866లో క్లౌ ఒంగోలు వచ్చిన కొత్తలో పైకులాల పిల్లలూ పెద్దలూ ఆయన దగ్గరికి రావడం మొదలుపెట్టారట. దొరగారు సంబరపడ్డాడు. అప్పుడే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి తనవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పెద్దలు చెప్పేశారు. ఆ రోజు దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో, ఒకరికొకరు తెలియకుండానే బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే వాక్యం తగిలిందట. మొదటి కొరింథీ ఒకటో అధ్యాయం, మీలో ఘనులు అనేకులు పిలువబడలేదన్న చోటు. పెద్దలు వెళ్లిపోయారు. పేరయ్య ఉన్నాడు. మన సంఘం పుట్టింది అక్కడ.

ఇవాళ్టి మా కమిటీ ఆ రోజు ఒంగోల్లో ఉండి ఉంటే, పేరయ్యని మెట్ల మీద కూర్చోబెట్టి ఆ పెద్దలకు సోఫా వేసేది.

1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో అజరయ్య అనే తమిళుడు లేచి దొరలందరి ముందూ అడిగాడు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ప్రేమ కూడా ఇవ్వండి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. ఇంకో రెండేళ్లకు ఆయనే దోర్నకల్ బిషప్పయ్యాడు. దొరలు మనల్ని పక్కన కూర్చోనివ్వరని ఆయన బాధ. ఆ దొరలు పోయి ఎన్నాళ్లో అయింది. పోతూ పోతూ సోఫా ఏమీ వదిలి వెళ్లలేదు, అది మనం సొంత డబ్బుతో కొనుక్కున్నాం. ఒకే ఊళ్లో ఈ పేటకో చర్చి, ఆ పేటకో చర్చి కూడా మనం కట్టుకున్నవే. పెళ్లి ప్రకటనల్లో 'రక్షణ పొందిన' అని రాసి దాని పక్కనే కులం పేరు రాయడం కూడా దొరలు నేర్పలేదు.

మామ్మ ఫిబ్రవరిలో పోయింది. సమాధుల తోటలో చోటు కోసం కొడుకు కమిటీ దగ్గరికి వెళితే ట్రెజరర్ రిజిస్టరు తీశాడు. పద్నాలుగు నెలల చందా బకాయి. నెలకు 50 చొప్పున 700. అది కడితేగానీ గొయ్యి తవ్వడానికి కాగితం ఇవ్వరు, అది రూలు.

ఏడు వందలు! శవాన్ని ఇంట్లో పెట్టుకున్నవాణ్ని ఏడు వందలు అడగడానికి నోరెలా వచ్చిందయ్యా మీకు? ఆ ముసల్ది రోజూ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ రేషను బియ్యంలోంచి పిడికెడు తీసి డబ్బాలో వేసేది. ఆదివారం ఆదివారం ఆ సంచి మోసుకొచ్చేది. నేను పుట్టకముందు నుంచీ మోసుకొచ్చేది. ఏ పుస్తకంలో ఉంది ఆ లెక్క? ఎక్కడా లేదు. నెల మొదట్లో ఆ బియ్యమంతా రాశి పోసి వేలం పాడతారు. పాడుకున్నవాడి పేరు మైకులో చదువుతారు, రిజిస్టరులో ఎక్కిస్తారు, స్తోత్రం అంటారు. ఇచ్చినవాళ్ల పేర్లు రాయడానికి గడే లేదు. కోటా బియ్యం తిని, అందులో దేవుడికి వాటా తీసి, మీ చేత వాక్యాలు వల్లె వేయించిన మనిషి మీ లెక్కల్లో బకాయిదారు. ఒక్కరోజు కూర్చుని కునుకు తీస్తే కిందికి దించారు. మీరంటే ఏమిటి, మనం. ఆ రోజు మొదట లేపడానికి వెళ్లింది నేనే.

డబ్బు కట్టింది కూడా కమిటీ కాదు, నేనూ కాదు. నేను జేబు తడుముకునేలోపే చాపల మీద కూర్చునే ఆడవాళ్లు చెంగుముళ్లు విప్పి పోగేశారు. పది నిమిషాలు పట్టలేదు. పదులు, ఇరవైలు, కొంత చిల్లర. 740 తేలింది. ట్రెజరర్ లెక్కపెట్టుకుని, నిజాయితీపరుడు కనుక 40 తిరిగిచ్చి, మామ్మ పేరున రసీదు రాశాడు.

ఇహ సోఫా సంగతి. ముక్కు ఊడిన సింహం వైపు స్ప్రింగు బయటికొచ్చింది. ద్వితీయ శ్రేణి నాయకులవారు కొంచెం భారీ మనిషి. వార్షికోత్సవానికి ఈసారి ఎమ్మెల్యేగారు స్వయంగా వస్తున్నారట, ఆలోపు కొత్త ఫోము, కొత్త వెల్వెట్టు వేయించాలి. అంచనా 6,500. మొన్న ప్రసంగం అవగానే సెక్రటరీ చందా పుస్తకం పట్టుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"ఎంత రాయమంటావు బాబాయ్?"

"700 రాసుకో" అన్నాను. "మామ్మ పేరున. బకాయి అని పెట్టు."

వాడు కలం తీసి నిజంగానే రాసుకున్నాడు.