హాస్టల్ గేటుకి తాళం వేస్తే పిల్లలు క్షేమమా?

ఈమధ్య నా ఫోనంతా ఒకటే మెసేజ్. పొద్దున డిపార్ట్‌మెంట్ గ్రూపులో, మధ్యాహ్నం పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, రాత్రయ్యేసరికి మా పిన్ని దగ్గర్నుంచి. "హాస్టల్లో పిల్లలున్న ప్రతి అమ్మా నాన్నా తప్పక చదవాల్సిన 8 జాగ్రత్తలు. పది మందికి పంపండి, ఒక ప్రాణం కాపాడండి." నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను, అక్కడి హాస్టల్ కమిటీలోనూ ఉన్నాను. అందుకని పంపిన ప్రతివాళ్లూ చివర్న ఒక ప్రశ్న తగిలిస్తున్నారు: "మీ దగ్గర ఇవన్నీ పాటిస్తున్నారా?"

పాటించడం లేదు. పాటించకూడదు కూడా. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. పంపినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఊరుకాని ఊళ్లో పిల్లల్ని వదిలి వచ్చినవాళ్ల భయం ఎలా ఉంటుందో తెలుసు. కోపమంతా ఆ భయాన్ని వాడుకుని ఇలాంటివి రాసి వదిలేవాళ్ల మీదే.

ముందు చిన్నవి తేల్చేస్తాను.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టాలట. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ సమయానికి చేతిలో ఏది ఉంటే దానికి పేరొస్తుంది, అంతే. తాళాలు వెతుక్కుంటూ పరిగెత్తే బదులు పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి బట్ట పెట్టండి, చుట్టూ ఉన్న కుర్చీలు, బకెట్లు జరపండి. నోట్లో చెంచా గానీ వేలు గానీ నీళ్లు గానీ పెట్టకూడదు. ఎవరో ఒకరు గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి మొదలైనా అంబులెన్స్ కావాలి.

భూకంపం వస్తే బల్ల కిందికి వెళ్లొద్దు, మంచం పక్కన ముడుచుకుని పడుకోండి, అక్కడ ఖాళీ మిగులుతుంది అంటుంది మెసేజ్. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది, హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది. ఆ స్థాయి కుదుపులో మన ప్రమాదం భవనం మొత్తం కూలడం కాదు. అల్మారా మీది సూట్‌కేసు, గోడ షెల్ఫు, కిటికీ అద్దం నెత్తిన పడడం. గట్టి బల్ల ఉంటే దాని కిందికి దూరి, తల కప్పుకుని, బల్ల కాలు పట్టుకోండి. లేకపోతే లోపలి గోడ పక్కన తల కాపాడుకుని కూర్చోండి. కుదుపు ఆగాక మెట్ల మీదుగా కిందికి రండి. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

గుండెపోటు వస్తే ఒంటరిగా ఉన్నవాళ్లు గట్టిగా దగ్గుతూ ఉండాలన్నది చాలా పాత మెసేజ్. దీనికో మూలం మాత్రం ఉందని ఒప్పుకోవాలి. ఆస్పత్రిలో, గుండె లయని మానిటర్ మీద చూస్తున్న డాక్టర్లు, లయ తప్పిన క్షణంలో రోగిని దగ్గమని అడిగే సందర్భాలున్నాయి. హాస్టల్ గదిలో మానిటర్ లేదు, డాక్టరూ లేడు. అక్కడ జరిగేది రెండే. ఛాతీలో నొప్పి వచ్చి మనిషి తెలివిగా ఉంటే దగ్గు వల్ల ఏ లాభమూ లేదు, ఫోన్ చేసే సమయం పోతుంది. గుండె ఆగిపోతే క్షణాల్లో తెలివి తప్పుతుంది, ఇక దగ్గేదెవరు? అప్పుడు పని చేయాల్సింది పక్కనున్నవాడు. ఛాతీ మధ్యలో రెండు చేతులతో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు, అలిసిపోతే ఇంకొకరు అందుకోవాలి.

ఇక్కడ పిల్లలు పొరపడే చోటు ఒకటుంది. గుండె ఆగినవాళ్లు కొందరు మొదటి నిమిషాల్లో నోరు తెరిచి గురకలాగా, ఎగశ్వాసలాగా శబ్దం చేస్తారు. "ఊపిరాడుతోంది సార్, ఫర్వాలేదు" అనుకుని చుట్టూ నిలబడిపోతారు. అది ఊపిరి కాదు. పిలిస్తే పలక్కుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే మొదలుపెట్టాల్సిందే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో కుప్పకూలిన యువకుణ్ణి బతికించింది డాక్టర్ కాదు, డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్. ఆ వీడియో మీరందరూ చూశారు, అది కూడా ఫార్వర్డ్ చేశారు. మరి అది చూశాక కూడా దగ్గమని ఎలా పంపుతున్నారు?

పాము కరిస్తే కాటుకి పైన గట్టిగా కట్టు కట్టి, గాటు పెట్టి రక్తం పిండాలట. ఊరి బయట చెరువు గట్టునో పొలాల మధ్యో కట్టిన క్యాంపస్‌లకి ఇది నిజంగా అవసరమైన విషయం, అందుకే తప్పు చెప్పకూడదు. రక్తపింజర విషం కాటు చుట్టూ కండని పాడుచేస్తుంది. బిగించి కడితే ఆ విషం అక్కడే ఉండి కాలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. గాటు పెడితే, ఆ విషం వల్ల రక్తం గడ్డకట్టని మనిషికి కొత్త గాయం చేసినట్టే. కట్లపాము సంగతి ఇంకోలా ఉంటుంది. రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. వాపు ఉండదు, నొప్పి పెద్దగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. "మెస్ తిండి పడలేదు" అని మాత్ర ఇచ్చి పడుకోబెడితే మనిషి దక్కడు. చేయాల్సిందల్లా ఉంగరం, వాచీ, కడియం తీసేయడం, కాలో చెయ్యో కదలకుండా విరిగిన ఎముకకి కట్టినట్టు కర్రతో ఆసరా ఇవ్వడం, నడిపించకుండా ఆస్పత్రికి తీసుకెళ్లడం. పామును చంపి తీసుకెళ్లక్కర్లేదు. మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసిందే.

ఇక అసలు విషయం. మంటలొస్తే బాత్రూంలోకి వెళ్లి షవర్ విప్పుకుని కూర్చోమంటుంది ఐదో పాయింటు. రాత్రి పదికల్లా హాస్టల్ గేటు, రెండో మెట్లదారి, డాబా తలుపు అన్నింటికీ తాళాలు వేసి చెవులు వార్డెన్ దగ్గరే ఉంచమంటుంది ఆరో పాయింటు. ఈ రెండూ రాసింది ఒకే మనిషా? ముందు దారులన్నీ మూసి, తర్వాత బాత్రూంలో కూర్చోమంటున్నాడు.

మంటల్లో ఎక్కువమందిని చంపేది మంట కాదు, పొగ. వెంటిలేటర్ తప్ప కిటికీ లేని హాస్టల్ బాత్రూం పొగకి మంచి గది. షవర్ నీళ్లు పొగని ఆపవు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్లో 59 మంది చనిపోయారు, ఎక్కువమంది ఊపిరాడకే. బాల్కనీలో అదనపు సీట్లు వేసి ఒక దారి మూసేశారు, తలుపులు మూసి ఉన్నాయి. 2019 మే 24న సూరత్‌లో పై అంతస్తులో ట్యూషన్‌కి వచ్చిన 22 మంది పిల్లలు పోయారు. ఉన్న ఒక్క మెట్లదారి మంటల్లో చిక్కుకుంటే కిటికీల్లోంచి దూకారు. 2023 జూన్‌లో ఢిల్లీ ముఖర్జీ నగర్ కోచింగ్ సెంటర్లో మీటర్ల దగ్గర నిప్పంటుకుంటే విద్యార్థులు తాళ్లు, వైర్లు పట్టుకుని కిందికి జారారు. ఈ మూడు చోట్లా తక్కువైంది ఒకటే, బయటికి వచ్చే దారి. మనం ఆ దారికి మన చేతుల్తో తాళం వేద్దామంటున్నాం, అదీ భద్రత పేరుతో.

ఆడపిల్లల తల్లిదండ్రులు వెంటనే అడుగుతారు: "తాళం లేకపోతే ఎవడైనా లోపలికి వస్తే?" ఆ భయం నిజమే, నేను కొట్టిపారేయను. కానీ బయటివాడు లోపలికి రాకుండా ఆపడం వేరు, లోపలున్నవాళ్లు బయటికి రాకుండా ఆపడం వేరు. బయట్నుంచి తెరుచుకోకుండా, లోపల్నుంచి కడ్డీని నెడితే తెరుచుకునే తలుపులు ఆస్పత్రుల్లో, మాల్స్‌లో రోజూ చూస్తూనే ఉన్నాం. తెరిస్తే అలారం మోగేలా పెట్టుకోవచ్చు. జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా అదే చెబుతుంది: బయటికి వెళ్లే తలుపు లోపలివైపు నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలి. ఖర్చెక్కువని యాజమాన్యాలు తాళం కొంటాయి. మనమేమో తాళం చూసి ధైర్యపడతాం.

మేం ఒక హాస్టల్ బ్లాకులో రెండో మెట్లదారి తెరిపించిన రోజు సంగతి చెప్తాను. చెవుల గుత్తి పిడికిట్లో పట్టనంత ఉంది, ఒక్క చెవికీ చీటీ లేదు. వాచ్‌మన్ ఒక్కొక్కటీ దూర్చి, తిప్పి, తీసి, మళ్లీ ఇంకొకటి. సరైన చెవి దొరికాక తుప్పుపట్టిన తాళం తిరగలేదు. మెస్ నుంచి నూనె తెప్పించారు. తలుపు తెరుచుకుంటే మెట్ల నిండా విరిగిన మంచాలు, పాత పరుపులు, ఖాళీ నీళ్ల డబ్బాలు. ఇది పట్టపగలు, వెలుతురులో, ఎవరూ కేకలు పెట్టకుండా ఉన్నప్పుడు. కరెంటు పోయిన చీకట్లో, పొగలో, రెండు వందల మంది పిల్లలు ఒకే వరండాలో తోసుకుంటున్నప్పుడు ఆ గుత్తిలోంచి చెవి వెతికి తీసేదెవరు? వార్డెన్ ఆ రాత్రి ఊరెళ్తే? ఈ ఒక్క పాయింటు కోసమే ఇదంతా రాస్తున్నాను. మిగతావి తప్పులు. ఇది హత్య.

ఏడో పాయింటు కూడా దీని బంధువే. ఏం జరిగినా ముందు వార్డెన్‌కి, వార్డెన్ ప్రిన్సిపాల్‌కి చెప్పి, అనుమతి వచ్చాకే 108కి ఫోన్ చేయాలట. సొంతంగా ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు మెడకి చుట్టుకుంటుందట. 108కి ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2005లో ఆ సర్వీసు మొదలైంది ఎవరైనా చేయగలగాలనే. చికిత్స ముందు, పోలీసు లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద కటారా కేసులో చెప్పింది. రోడ్డు ప్రమాద బాధితులకి మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఇంత చెప్పినా పిల్లలు భయపడతారు, ఎందుకంటే క్యాంపస్‌లో భయపెట్టేది చట్టం కాదు. "కాలేజీ పేరు పోతుంది" అన్న మాట. గుండె ఆగినవాడికి ఏ సాయమూ అందని ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. వార్డెన్ ఫోన్ ఎత్తి, ప్రిన్సిపాల్‌కి కలిపి, ఆయన "చూడండి, తగ్గుతుందేమో" అనే లోపు ఎన్ని నిమిషాలు పోతాయో లెక్క వేయండి.

పిల్లలకి నేర్పాల్సింది వేరు. ఒకరు పడిపోయినవాడి దగ్గరే ఉండాలి. ఒకరు 108కో 112కో ఫోన్ చేసి క్యాంపస్ పేరుతో పాటు బ్లాకు, అంతస్తు చెప్పాలి. ఇంకొకరు మెయిన్ గేటు దగ్గరికి పరిగెత్తాలి, ఎందుకంటే అంబులెన్స్ వచ్చాక సెక్యూరిటీ అడ్డుకోవడం, బ్లాకు దొరక్క మూడు చుట్లు తిరగడం మామూలే. వార్డెన్‌కి చెప్పడం తర్వాతి ఫోన్.

ఎనిమిదో పాయింటు, అన్నింటికంటే కింద, ఎవరూ చదవని చోట ఉంది: "ఏడాదికి ఒకసారైనా రాత్రిపూట మాక్ డ్రిల్ చేయించమని ప్రిన్సిపాల్‌ని అడగండి." ఇది నూటికి నూరుపాళ్లు సరైన మాట. ఆ ఒక్క వాక్యం ఉంచి మిగతా ఏడూ తీసేస్తే నేనే అందరికీ పంపుతాను. మా దగ్గర జరిగే డ్రిల్లు మధ్యాహ్నం మూడింటికి, వారం ముందు నోటీసుతో, పిల్లలు వరుసల్లో దిగుతూ ఫొటోలకి నిలబడేది. దాని వల్ల తెలిసేదేమీ లేదు. రాత్రి రెండింటికి అలారం మోగిస్తే తెలుస్తుంది: అలారం మూడో అంతస్తుకి వినిపిస్తుందా, వరండాలో దారి చూపే దీపం వెలుగుతుందా, మంటలార్పే సిలిండర్ మీద ముల్లు పచ్చగీతలో ఉందా లేక దాని మీద తువ్వాలు ఆరేసి ఉందా, నడవలేని పిల్లని ఎవరు దించుతారు, కింద లెక్క చూసుకునే జాబితా ఎవరి దగ్గర ఉంది.

ఈ ఆదివారం పిల్లల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు ఆ డ్రిల్ ఎప్పుడు పెడతారో రాతపూర్వకంగా అడగండి. తేదీ ముందుగా ఎవరికీ చెప్పొద్దనండి. వార్డెన్ సెలవులో ఉన్న రాత్రే పెట్టమనండి.