పక్క దేశంలో కొన్న టీవీ: కరెంటు సరిపోతుంది, ఛానెళ్లే రావు

సరిహద్దు అవతల టీవీ చవగ్గా వస్తోందంటే అందరూ ముందు అడిగేది ప్లగ్గు గురించి, ఆ తర్వాత వోల్టేజీ గురించి. లోపలి ట్యూనర్ (యాంటెనా నుంచి ఛానెళ్లని పట్టే భాగం) సంగతి ఎవరూ అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు. "పక్క దేశమేగా, అన్నీ ఒకటే" అనేస్తారు. నాకు ఒళ్లు మండేది ఈ మాటకే.

దక్షిణ అమెరికాలో పక్కపక్కనే ఉన్న కొలంబియా, ఈక్వడార్ సంగతి చూడండి. రెండు చోట్లా ఇంటి కరెంటు 110-120 వోల్టులు, 60 హెర్ట్జ్. ప్లగ్గు కూడా అదే. గోడకి పెట్టగానే టీవీ వెలుగుతుంది. కానీ యాంటెనాకి వచ్చే డిజిటల్ ప్రసారాల పద్ధతి కొలంబియాలో డీవీబీ-టీ2, ఈక్వడార్‌లో ఐఎస్‌డీబీ-టీ. ఒక పద్ధతికి చేసిన ట్యూనర్‌తో రెండోదాన్ని వందసార్లు స్కాన్ చేసినా ఒక్క ఛానెల్ దొరకదు. అప్పుడు జనం చేసే పని యాంటెనా మార్చడం, బూస్టర్ కొనడం. దండగ ఖర్చు! సిగ్నల్ తక్కువై కాదు, దాన్ని విప్పే భాగమే ట్యూనర్‌లో లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దాన్ని తెచ్చిపెట్టలేదు. జపాన్, దక్షిణ కొరియాల మధ్య ఇంకా ఘోరం: ప్రసారాలు జపాన్‌లో ఐఎస్‌డీబీ-టీ, కొరియాలో ఏటీఎస్‌సీ అనే మరో పద్ధతి, కరెంటేమో జపాన్‌లో 100 వోల్టులు, కొరియాలో 220 వోల్టులు. వెనక లేబుల్ మీద "100-240" అని లేని సెట్‌ని జపాన్ నుంచి తెచ్చి కొరియాలో నేరుగా గోడకి పెడితే పవర్ బోర్డు కాలిపోతుంది.

యూరప్‌లో అంతా డీవీబీయే కదా అంటారు. నిజమే, కానీ అందులోనూ తరాలున్నాయి. జర్మనీ 2017లో డీవీబీ-టీ2కి, హెచ్‌ఈవీసీ కంప్రెషన్‌కి (బొమ్మని కుదించి పంపే కొత్త తరం పద్ధతి) మారడం మొదలుపెట్టింది. ఫ్రాన్స్ 2016లో ఛానెళ్లని హెచ్‌డీ చేసినా చాలావరకు డీవీబీ-టీ, పాత కంప్రెషన్ ఎంపెగ్-4 దగ్గరే ఉంది. అందుకే ఫ్రాన్స్‌లో కొన్న పాత సెట్‌కి జర్మనీలో యాంటెనా మీద ఏమీ రాదు. కొత్త సెట్ అయినా అక్కడి ప్రైవేటు ఛానెళ్లు చాలావరకు డబ్బు కడితేనే తెరుచుకుంటాయి, దానికి టీవీ వెనక పెట్టే కార్డు మాడ్యూల్ కావాలి.

తేడా ఎక్కడుందో స్క్రీనే చెబుతుంది. స్కాన్‌లో ఏమీ దొరక్కపోతే, యాంటెనా బాగానే ఉంటే, ప్రసార పద్ధతి కుదరలేదు. ఛానెల్ పేరు వచ్చి, శబ్దం వినబడి, బొమ్మ నల్లగా ఉంటే కంప్రెషన్‌ని టీవీ విప్పలేకపోతోంది. "ఎన్‌క్రిప్టెడ్" అని వస్తే టీవీ తప్పేం లేదు, అది తాళం వేసిన ఛానెల్.

ఇంకో తలనొప్పి, మొదటి సెటప్‌లో అడిగే దేశం. కొన్న దేశం కాదు, వాడే దేశం పెట్టాలి. స్కాన్ చేసే పౌనఃపున్యాలు, ఛానెళ్ల వరుస, కేబుల్ లెక్కలు చాలా సెట్లలో దాన్ని బట్టే ఉంటాయి. కేబుల్‌లో జర్మనీ సింబల్ రేటు (సిగ్నల్ పంపే వేగం) ఎక్కువగా 6900, నెదర్లాండ్స్‌లో పెద్ద నెట్‌వర్క్‌ది 6875. దేశం తప్పు పెడితే స్కాన్ ఖాళీగా తిరిగిరావచ్చు. తర్వాత మార్చాలంటే కొన్ని సెట్లలో ఫ్యాక్టరీ రీసెట్ తప్ప దారి లేదు. అన్నట్టు, ఫ్రాన్స్ ఎంచుకుంటే కొన్ని సెట్లు 0000 పిన్‌ని ఒప్పుకోవు, పాడైందనుకోకండి. అమెరికా ప్రాంతానికి చేసిన టీవీ అయితే రౌటర్ వైఫైని 1 నుంచి 11 లోపు ఛానెల్‌లో ఉంచండి. 12, 13 మీద ఉంటే టీవీకి కనబడకపోవచ్చు.

నా లెక్క సూటిగా చెప్తాను. పక్క దేశం టీవీని స్క్రీన్‌గా మాత్రమే కొనండి, దాని ట్యూనర్‌ని మర్చిపోండి. మీరుండే దేశంలో అమ్మే సెట్-టాప్ బాక్స్ తెచ్చి హెచ్‌డీఎంఐకి తగిలిస్తే ఛానెళ్ల గొడవ పోతుంది. ఆ బాక్స్ ధర కూడా కలిపాక ఇంకా చవకైతేనే కొనండి. యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీతో (డిష్ ముందు సిగ్నల్ అందుకునే భాగం) డిష్ వాడేవాళ్లకి ఈ బాధ తక్కువ, ఉపగ్రహానికి సరిహద్దులు పట్టవు. టీవీలో డీవీబీ-ఎస్2 అనే ఉపగ్రహ ట్యూనర్ ఉందో లేదో చూసుకుంటే చాలు.

వారంటీ దగ్గర మాత్రం బాక్స్ ఏమీ చేయలేదు. యూరోపియన్ యూనియన్‌లో రెండేళ్ల చట్టబద్ధ హామీ ఉంది గానీ అది అమ్మినవాడి బాధ్యత, తయారీదారుడిది కాదు. కంపెనీ వారంటీ వేరు, అది మీ దేశంలో చెల్లుతుందో లేదో డబ్బు కట్టకముందే కాగితం మీద చూసుకోండి. చెల్లకపోతే ప్యానెల్ పోయిన రోజున 65 అంగుళాల సెట్‌ని మళ్లీ సరిహద్దు దాటించాల్సింది మీరే, అదీ పడుకోబెట్టకుండా నిలబెట్టి. అట్టపెట్టె, లోపలి థర్మోకోల్ పారేయకండి.