ముహూర్తం పెట్టేది టీవీవాడు

మా తోడల్లుడు డాలస్‌లో ఉంటాడు. కూతురు ఒక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో చదువుతోంది కాబట్టి ఏడాదికి రెండు మూడు శనివారాలు స్టిల్‌వాటర్ వెళ్లి, నారింజ రంగు టీషర్టు తొడుక్కుని ఫుట్‌బాల్ చూసొస్తాడు. కారులో నాలుగు గంటల దారి. ఆట ఏ తేదీనో వేసవికి ముందే తెలుస్తుంది. ఎన్నింటికో మాత్రం చాలా ఆటలకు తెలియదు. పొద్దున పదకొండుకు కావచ్చు, సాయంత్రం ఆరున్నరకు కావచ్చు. పదకొండైతే ముందురోజు రాత్రికే చేరాలి. ఆరున్నరైతే ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. ఏదవుతుందో తెలియక రెండు రాత్రులకూ గది తీసుకుంటాడు. వేళ బయటపెట్టేది మామూలుగా పన్నెండు రోజుల ముందు, ఒక్కో వారం ఆరు రోజుల ముందు. "శుభలేఖలో తేదీ వేసి, ముహూర్తం తర్వాత చెబుతాం అన్నట్టుంది" అని ఆయన విసుక్కుంటే నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌కు పట్టిన జబ్బు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

మన పెళ్లిళ్లలో పురోహితుడు ముహూర్తం పెడతాడు, దక్షిణ పుచ్చుకుంటాడు. ఇక్కడ పురోహితుడే పెళ్లివారికి ఎదురు దక్షిణ ఇస్తున్నాడు, అదీ వందల కోట్ల డాలర్లలో. ఇక లగ్నం ఎవరి జాతకానికి కుదురుతుందో వేరే చెప్పాలా? మేం అమ్మింది ప్రసార హక్కులే అంటాయి విశ్వవిద్యాలయాలు. ప్రసారంతో పాటు పంచాంగం కూడా మూటగట్టి ఇచ్చేశారన్న సంగతి చెప్పవు. ఎవరు ఎవరితో, ఏ నెలలో, ఏ గంటకు ఆడాలన్నది ఇప్పుడు ఫాక్స్, ఈఎస్‌పీఎన్, ఎన్‌బీసీ, సీబీఎస్‌ల లెక్కల్లో తేలుతోంది. నా అభ్యంతరమంతా అక్కడే.

వెనకటి కథ గబగబా చెబుతాను. 1984 దాకా టీవీ మీద పెత్తనం కాలేజీ ఆటల పాలక సంఘమైన ఎన్‌సీఏఏది. ఏ జట్టూ రెండేళ్లలో ఆరుసార్లకు మించి తెర మీద కనిపించకూడదని దాని నియమం. ఒక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కాయి. సుప్రీంకోర్టు 7-2తో ఆ పెత్తనాన్ని కొట్టేసింది. విభేదించిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ బైరన్ వైట్ కుర్రతనంలో కొలరాడో విశ్వవిద్యాలయానికి ఆడిన మేటి ఫుట్‌బాలర్. అది యాదృచ్ఛికమని నేననుకోను. ఆ తీర్పుతో ఎవరి సరుకు వాళ్లు అమ్ముకునే వీలొచ్చింది. కాన్ఫరెన్స్ అనే గుంపుగా అమ్మితే ఎక్కువ ధర, గుంపులో పెద్ద పేర్లుంటే ఇంకా ఎక్కువ. అలా 2024 నాటికి టెక్సాస్, ఒక్లహోమా ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్స్ అయిన ఎస్ఈసీలో తేలాయి. యూఎస్‌సీ, యూసీఎల్ఏ (రెండూ లాస్ ఏంజెలెస్‌వే), ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో చేరాయి. బిగ్ టెన్‌లో ఇప్పుడు 18 జట్లు, బిగ్ 12లో 16. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో పసిఫిక్ తీరానున్న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ. పేర్లు మార్చుకునే తీరిక కూడా లేనంత హడావుడి.

ఇక షెడ్యూలు చూడండి. 2024 అక్టోబర్ 25, శుక్రవారం. లాస్ ఏంజెలెస్‌లో యూఎస్‌సీతో రట్గర్స్ ఆట, ఫాక్స్‌లో. అక్కడ రాత్రి ఎనిమిదికి మొదలు. రట్గర్స్ స్టేడియం ఉండేది న్యూజెర్సీలో, పిస్కాటవేలో. ఎడిసన్ పక్కనే, మనవాళ్లకు పరిచయం చేయనక్కర్లేని చోటు. అక్కడ అప్పటికి రాత్రి పదకొండు. ఆట ముగిసేసరికి రెండు దాటింది. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 4 వేల కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి దుబాయ్ ఇంతకంటే చాలా దగ్గర. సరిగ్గా దానికి ముందు శనివారం యూసీఎల్ఏ ఇదే పిస్కాటవేకు వచ్చి మధ్యాహ్నం పన్నెండింటికి ఆడింది. కుర్రాళ్ల ఒంటికి అది పొద్దున తొమ్మిది. వీళ్ల మధ్య పాత పగ లేదు, ఒకరి పెరట్లో ఒకరు ఓడిన చరిత్ర లేదు. ఉన్నదల్లా న్యూయార్క్ టీవీ మార్కెట్, లాస్ ఏంజెలెస్ టీవీ మార్కెట్.

దీనికి చెల్లించిన మూల్యం చూడాలంటే ఒరెగాన్ వెళ్లాలి. ఒరెగాన్, ఒరెగాన్ స్టేట్ 1894 నుంచి ఆడుతున్న ఇరుగుపొరుగు జట్లు. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ ఆడే యాపిల్ కప్ కూడా అలాంటి పాత తగవే. ఇవి నవంబరు చివర, థాంక్స్‌గివింగ్ వేళ, చలిలో, ఏడాది పొడవునా దాచుకున్న కసి తీర్చుకునే ఆటలు. 2023 ఆగస్టులో ఈ నాలుగు జట్లూ ఉన్న పడమటి తీరపు కాన్ఫరెన్స్ పాక్-12 కుప్పకూలింది. చివరి రోజుల్లో చేతిలో మిగిలింది యాపిల్ స్ట్రీమింగ్ బేరం ఒక్కటే. అది పెద్దలకు ఆనలేదు. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ తప్ప అందరూ తలో దారీ పట్టారు. మరుసటేడు ఆ రెండు పోటీలూ ఒకే రోజు, సెప్టెంబర్ 14న జరిగాయి. ఒరెగాన్ స్టేట్‌లోనూ, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోనూ తరగతులు మొదలయ్యేది సెప్టెంబరు చివరి వారంలో. అంటే కాలేజీ తెరవకముందే కాలేజీల పోటీ అయిపోయింది. హాస్టళ్లు బోసిగా ఉండగానే నూరేళ్ల పైబడ్డ తగవు తీరిపోయింది. ఆ నవంబరు చివరి వారం ఏమైందంటారా? ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్ లెక్కలో ఒకదానితో ఒకటి ఆడుకున్నాయి.

మా తోడల్లుడి స్టిల్‌వాటర్‌కైతే ఆ సెప్టెంబరు ఆట కూడా దక్కలేదు. ఒక్లహోమా, ఒక్లహోమా స్టేట్ పోటీకి బెడ్లమ్ అని పేరు. 1904లో గత్రీ ఊళ్లో జరిగిన మొదటి ఆటలో బంతి వెళ్లి గడ్డకట్టే వాగులో పడితే, రెండు జట్ల కుర్రాళ్లూ దాని కోసం నీళ్లలోకి దూకారని ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరిది 2023 నవంబర్ 4న. ఒక్లహోమా స్టేట్ 27-24తో గెలిచింది. ఆ వెంటనే పెద్దింటివాళ్లు, అంటే ఒక్లహోమా, ఎస్ఈసీకి సామాను సర్దుకున్నారు. కాన్ఫరెన్స్ వెలుపలి ఆటల షెడ్యూలు ఏళ్ల ముందే నిండిపోయింది, ఖాళీ లేదన్నారు. రెండు క్యాంపస్‌ల మధ్య కారులో గంటన్నర.

టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం పోటీని ఇదే మార్పు తిరిగి తెచ్చింది కదా అనేవాళ్లున్నారు. తెచ్చింది, నిజమే. పోగొట్టిందెవరు? ఈఎస్‌పీఎన్ 20 ఏళ్లకు 30 కోట్ల డాలర్లిచ్చి 2011లో టెక్సాస్‌కు ప్రత్యేకంగా లాంగ్‌హార్న్ నెట్‌వర్క్ పెట్టింది. ఒళ్లు మండిన ఏ అండ్ ఎం 2012లో ఎస్ఈసీకి పోయింది. 13 ఏళ్ల పాటు ఆ రాష్ట్రపు అతిపెద్ద ఆట లేదు. 2024 నవంబర్ 30న కాలేజీ స్టేషన్‌లో మళ్లీ ఆడినప్పుడు దాన్ని చూపించింది ఈఎస్‌పీఎన్ ఇంటి ఛానలే, ఏబీసీ. తాళం పోగొట్టినవాడే తలుపు తీసి దండ వేయించుకున్నాడు.

అవతలి వాదన కొట్టిపారేసేది కాదు. ఫుట్‌బాల్ డబ్బుతోనే ఈతగాళ్లకు, జిమ్నాస్టులకు స్కాలర్‌షిప్పులు నడుస్తున్నాయి. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో 2025 జూన్‌లో ఖరారైన హౌస్ సెటిల్‌మెంట్‌తో ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? పైగా ఎన్‌సీఏఏ రాజ్యంలో ఆటగాళ్లకు ఒరిగిందేమీ లేదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ వీటిలో ఒక్కటి కూడా కిక్ఆఫ్ వేళను ఆరు రోజుల ముందు చెప్పడానికి కారణం కాదు.

అసలు ప్రమాదం ఇంకో చోట ఉంది, దాన్ని చాలామంది లెక్కల వార్తగా చదివి వదిలేశారు. 2025 మార్చిలో ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్), దాని సభ్యులైన క్లెమ్సన్, ఫ్లోరిడా స్టేట్ ఒకరి మీద ఒకరు వేసుకున్న కేసుల్లో రాజీకొచ్చాయి. ఆ రాజీ ప్రకారం టీవీ డబ్బు ఇక అందరికీ సమానం కాదు. 40 శాతం సమానంగా పంచుతారు, మిగతా 60 శాతం ఐదేళ్ల వీక్షకుల సంఖ్యను బట్టి. వినడానికి న్యాయంగానే ఉంది, ఎక్కువ మంది చూసేవాడికి ఎక్కువ. ఇప్పుడు ఒక్క అడుగు వెనక్కి వేసి అడగండి. ఎంతమంది చూస్తారన్నది దేన్ని బట్టి? శనివారం రాత్రి ఏడున్నరకు ఏబీసీలో వేస్తే ఒక లెక్క, మధ్యాహ్నం కేబుల్లో ఏసీసీ నెట్‌వర్క్‌లో వేస్తే ఇంకో లెక్క. ఏ ఆటను ఎక్కడ వేయాలో ప్రధానంగా తేల్చేదెవరు? ఈఎస్‌పీఎన్. అంటే ఏసీసీలో చిన్నవాడైన వేక్ ఫారెస్ట్ ఖజానాలో ఎంత పడాలో, పెద్దవాడైన క్లెమ్సన్ ఖజానాలో ఎంత పడాలో షెడ్యూలు వేసే గదిలో కూర్చున్నవాడి చేతిలోకి వెళ్లింది. మంచి వేళ దొరికినవాడికి చూసేవాళ్లు పెరుగుతారు. చూసేవాళ్లున్నవాడికి డబ్బు, డబ్బున్నవాడికి మంచి ఆటగాళ్లు, మంచి ఆటగాళ్లున్నవాడికి మళ్లీ మంచి వేళ. అయినవారికి ఆకుల్లో, కానివారికి కంచాల్లో. ఐదేళ్ల సగటు కాబట్టి ఒక్క సీజన్ బాగా ఆడినంత మాత్రాన చిన్నవాడు ఆ చక్రంలోకి ఎక్కలేడు. మైదానంలో ఓడితే మళ్లీ వారం ఆడి గెలవొచ్చు. మధ్యాహ్నపు కేబుల్ గంటకు తోసేస్తే ఎవరి మీద గెలవాలి?

వేళను కాపాడటం చట్టానికి చేతకాదా అంటే, ఒకప్పుడు చేతనైంది. 1961 నాటి స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ యాక్ట్ ప్రొఫెషనల్ లీగులకు ఉమ్మడిగా హక్కులు అమ్ముకునే వెసులుబాటు ఇస్తూనే కాలేజీల కోసం ఒక గీత గీసింది, 1966 సవరణ దాన్ని స్కూళ్లకూ వర్తింపజేసింది. సెప్టెంబరు రెండో శుక్రవారం నుంచి డిసెంబరు రెండో శనివారం దాకా, శుక్రవారం రాత్రుళ్లూ శనివారాలూ స్కూళ్లవి, కాలేజీలవి. దగ్గర్లో ఎక్కడైనా వాళ్ల ఆట ఉంటే ఆ వేళల్లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగైన ఎన్‌ఎఫ్ఎల్ టీవీ జోలికి రాకూడదు. వస్తే వెసులుబాటు పోతుంది. ఊరి స్కూలు ఆటకు ఊరంతా వెళ్లే ఆ శుక్రవారం రాత్రికి దేశపు చట్టం కాపలా కాసింది. ఇప్పుడు ఆ రాత్రిలోకి చొరబడుతున్నది ఎన్‌ఎఫ్ఎల్ కాదు, చట్టం ఎవరినైతే కాపాడిందో ఆ కాలేజీలే. అక్టోబర్ 25 నాటి ఆట ఏ వారమో మళ్లీ పైకి వెళ్లి చూడండి.

ఈ శీర్షికలో నేను ఎక్కడ మొదలుపెట్టినా చివరికి గడియారం దగ్గరికే వస్తానని ఎగతాళి చేసేవాళ్లున్నారు. రాకుండా ఎలా ఉంటాను? హైటెక్ సిటీలో రాత్రి క్యాబ్ ఎక్కే కుర్రాడి చేతి గడియారం హైదరాబాద్‌లో, నిద్ర కాలిఫోర్నియాలో. 2023-27 ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. ఆట ఏడున్నరకు మొదలై అర్ధరాత్రికి చేరువలో ముగుస్తుంది, ఉప్పల్ నుంచి జనం ఇళ్లకు చేరడానికి మెట్రో వేళలు పొడిగించాలి. ఐపీఎల్ పుట్టిందే టీవీ కోసం, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. వందేళ్ల ముందు ఒక ఊరి కుర్రాళ్లు పక్కూరి కుర్రాళ్ల మీద పందెం కాసి పెంచుకున్నదాని మీదే ఫిర్యాదు. ఆ పగ లేకపోతే బెడ్లమ్‌కు గిరాకీ ఎక్కడిది? పన్నుల డబ్బుతో నిలబడ్డ రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ప్రసారం అమ్ముకోనీ, పొరుగువాడితో ఆట ఏ వారమో, ఎన్ని గంటలకో మాత్రం ఒప్పందం బయట ఉంచనీ. సీజన్ మొదలవకముందే అన్ని వేళలూ ప్రకటించమంటే నెట్‌వర్క్‌లు ఆట కొనకుండా పోతాయా? నాలుగు డాలర్లు తగ్గిస్తాయి, అంతే.

2025లో ఒహాయో శాసనసభ్యుడొకరు ఇలాంటి పనికే దిగితే నవ్వులపాలయ్యాడు. ఆగస్టు 30న కొలంబస్‌లో ఒహాయో స్టేట్, టెక్సాస్ మధ్య ఆ ఏటి మహా పోటీని ఫాక్స్ మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టడంతో ఆయనకు మండింది. సీజన్‌కు ముందు టాప్ టెన్‌లో ఉన్న రెండు జట్ల ఆటను మూడున్నరకు ముందు మొదలుపెట్టకూడదు, పెడితే కోటి డాలర్ల జుర్మానా అంటూ బిల్లు రాశాడు. టెక్సాస్ ఆట అనుకున్నట్టే పన్నెండింటికే మొదలైంది. నవ్వినవాళ్లెవరూ బిల్లు మొత్తం చదివినట్టు లేదు. అందులో ఒక్క ఆటకు మినహాయింపు ఉంది, మిషిగన్‌తో ఆటకు. అది కూడా పన్నెండింటికే మొదలవుతుంది. కానీ ఫాక్స్ రాకముందు నుంచీ కొలంబస్ జనానికి అలవాటైన పన్నెండు అది.